పిల్లేలే అక్కా

నేను బడికి పోలేదు. చిన్నప్పటి ఉబ్బసం వల్ల ఇంట్లోనే ఉండిపోయాను. తెలుగు అక్షరాలు నాయన పంచాంగంలో చూపించి నేర్పాడు. అరవం, ఇంగ్లీషు మాత్రం అక్క పెట్టిన భిక్ష. నాకంటే నాలుగేళ్ళు పెద్ద. తాను బడిలో నేర్చుకున్నది సాయంత్రం నా పలక మీద దించేది. అందుకు కూలిగా ఆమె నా దగ్గర ఒకటే అడిగేది: దయ్యం సినిమాకు తోడు రావాలి.

తిరువళ్ళూరులో ఇప్పుడు కల్యాణ మండపం ఉన్నచోట అప్పుడొక సినిమా హాలు ఉండేది. పాత నలుపు తెలుపు బొమ్మలు మధ్యాహ్నం ఆటకు మళ్ళీ మళ్ళీ వేసేవాళ్ళు. అమ్మ మా ఇద్దరి నుదుటా విభూతి పెట్టి పంపేది. తిరిగి వచ్చాక, చావింటికి పోయి వచ్చినవాళ్ళలాగా పెరట్లో కాళ్ళు కడుక్కుంటేనే లోపలికి రానిచ్చేది.

అక్కకు ఆ సినిమాలంటే ప్రాణం, చూడాలంటే భయం. కొండ మీది బంగళా కనిపించి, గాలికి దీపం ఆరగానే రెండు చేతులతో ముఖం మూసుకునేది. "మే, నువ్వు చూసి చెప్పు. ఏం వచ్చినాది?" అని మోచేత్తో పొడిచేది. తెర మీద తెల్లచీర ఆవిడ జుట్టు విరబోసుకుని నిలబడి ఉన్నా, "పిల్లేలే అక్కా, కిటికీలోంచి దూకినాది" అనేదాన్ని. అబద్ధం చెప్పడం అక్కడే నేర్చుకున్నాను.

ఆ సినిమాల్లో పిల్లి తప్పకుండా ఉండేది కూడా. ముందు పిల్లి దూకి జనాన్ని ఉలిక్కిపడేట్టు చేసేది. అందరూ నవ్వి తేలికపడ్డాక అసలుది వచ్చేది. బంగళాకు పోవద్దని చెప్పే ముసలి తోటమాలి, దయ్యాలు లేవని వాదించి మొదట చచ్చే పట్నం మనిషి, ఎవరు పాడుతున్నారో తెలియని పాట, అన్నీ పెళ్ళి తంతులాగా వరస తప్పకుండా జరిగేవి. తెలిసిన వరసే అయినా అరచేతులకు చెమట పట్టేది. ఎందుకని చాలాకాలం ఆలోచించాను. ఇప్పటి బొమ్మల్లో నెత్తురు ఎక్కువ, చప్పుడు ఎక్కువ. ఉలిక్కిపడతాం, అంతే. భయం వేరు. తలుపు వెనక ఏముందో హాల్లో కూర్చున్న మనకు తెలుసు. లోపలి మనిషికి తెలియదు. ఆమె తల దువ్వుకుంటూ, పూలు తురుముకుంటూ, రేపటి సంగతులు మాట్లాడుకుంటూ ఆ తలుపు వైపే నడుస్తుంది. చెప్పాలని నోటిదాకా వస్తుంది. చెప్పలేం. నాకు తెలిసి దయ్యం సినిమా అంటే అదే. అందులో దయ్యం లేకపోయినా సరే.

ఆ మాట ఎంత నిజమో పోయిన ఏడు తెలిసింది.

బావ పోయాక అక్క నా దగ్గరికే వచ్చింది. నేను పెళ్ళి చేసుకోలేదు. ఆమె ఒక్క కూతురి కాపురం పొన్నేరిలో. ఆ పిల్లకు కాన్పు కష్టమైనప్పుడు అక్క తిరుత్తణి కొండ మీది స్వామికి మొక్కుకుంది: తల్లీ బిడ్డా బయటపడితే మూడువందల అరవై అయిదు మెట్లకూ తన చేతులతో పసుపు రాసి కుంకుమ పెడతానని. ఇద్దరూ బయటపడ్డారు. పసుపు కొమ్ములు కొని, ఎండబెట్టి, తానే దంచి డబ్బాకెత్తింది. ఆషాఢంలో వచ్చే ఆడి కృత్తికకు పోవాలనుకున్నాం.

అంతలో కడుపునొప్పి. స్కాన్ తీయించాం. చక్కెర జబ్బుతో అక్క చూపు అప్పటికే మసక. రిపోర్టు నా చేతిలో పెట్టి, ఆసుపత్రి బెంచీ మీదే రెండు చేతులతో ముఖం మూసుకుంది. "నువ్వు చూసి చెప్పు మే" అని నవ్వింది.

ఆమె నేర్పిన అక్షరాలతోనే చదివాను. డాక్టరమ్మ నన్ను ఒక్కదాన్నే లోపలికి పిలిచి చెప్పింది కూడా అదే. కోసినా లాభం లేదు, కొన్ని నెలలు, ఆమెకు ఇష్టమైనవి చేయించండి అంది. బయటికి వచ్చాను. నా అడుగుల చప్పుడు విని అక్క మళ్ళీ ముఖం మూసుకుంది.

"పిల్లేలే అక్కా," అన్నాను. "పుండంట. మందులకు పోతాదంట."

మా ఇళ్ళల్లో బతికున్న మనిషి ముందర ఆ మనిషి చావు మాట నోటితో అనరు, అంటే అయిపోతుందని. ఆ ఆచారం వెనక దాక్కున్నాను గాని, నిజానికి ఆమె ముఖం మారడం చూడలేకపోయాను. కూతురికి మాత్రం చెప్పాను. అది ఏడ్చి, అమ్మకు చెప్పొద్దు చిన్నమ్మా అని ఒట్టు వేయించుకుంది.

ఏమీ లేదనేసరికి అక్కకు తొందర పోయింది. ఆడిలో ఎండ, జనం తొక్కుడు, సంక్రాంతి దాటినాక తై కృత్తికకు పోదాంలే, అప్పటికి ఒళ్ళు కూడా కుదుటపడుతుంది అంది. అప్పుడైనా నేను నోరు తెరవాల్సింది. అప్పటికింకా ఆమె నడవగలదు. సరి, తైలోనే పోదాం అన్నాను.

ఆ నెలలన్నీ నేను హాల్లో కూర్చున్నాను. నా కళ్ళ ముందే ఆమె తల దువ్వుకుంటూ, మనవడికి వచ్చే ఏటికి సరిపోయేట్టు చొక్కాలు కుట్టిస్తూ, పసుపు డబ్బా మూత బిగించి చూసుకుంటూ తలుపు వైపు నడిచింది. మధ్యాహ్నాలు ఫోనులో ఆ పాత సినిమాలే పెట్టమనేది. చూపు ఆనకపోయినా సంగీతం మారగానే ముఖం మూసుకునేది. నేను పిల్లి అనేదాన్ని.

తై కృత్తిక నాటికి అక్క మంచం దిగలేకపోయింది. ఆ పొద్దున నేను ఆమె ముఖం తుడుస్తుంటే చెయ్యి పట్టుకుంది.

"ఒకటి చెప్తా, ఏడవద్దు. అప్పుడు సినిమాలో నేను యాడ కండ్లు మూసుకుంటి? వేళ్ళ సందులో నుంచి చూస్తానే ఉంటి. పిల్లి కాదని తెలుసు. నువ్వు నాకోసరం అట్ల చెప్తా ఉంటే బాగుండేది." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఆసుపత్రిలో మాత్రం నిజంగానే మూసుకుంటి."

తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. పసుపు డబ్బా తెప్పించి నా ఒళ్ళో పెట్టింది.

"పో. పోయి వచ్చి చెప్పు. ఈతూరి ఉండేది ఉన్నట్టు చెప్పు."

కూతురు వచ్చి దగ్గర కూర్చుంది. నేను కనకమ్మ సత్రం మీదుగా బస్సులో పోయాను. మెట్టు మెట్టుకూ వంగి పసుపు రాసి, మధ్యన కుంకుమ పెడుతూ ఎక్కాను. కావళ్ళు మోసేవాళ్ళు నన్ను తప్పుకుని పోయారు. మూడువందల నాలుగో మెట్టు దగ్గర పసుపు అయిపోయింది. పక్కనే అంగట్లో పొట్లాలు అమ్ముతున్నారు. కొనలేదు. అది అక్క దంచింది కాదు గదా. ఖాళీ డబ్బాతోనే పైకి పోయి, స్వామికి దండం పెట్టుకుని దిగాను.

పొద్దు కుంకకముందే ఇల్లు చేరాను. అక్క ముఖం మూసుకోలేదు. ఎక్కడ మెట్టు పగిలి ఉందో, ఎక్కడ కూర్చుని రొప్పానో, ఎవరి బిడ్డో నేను పెట్టిన కుంకుమ తొక్కి పాదం చూసుకుని ఎట్లా మురిసిందో అన్నీ చెప్పాను. చివరి మెట్ల దగ్గరికి వచ్చాను. అన్నిటికీ పెట్టాను అనేస్తే ఎంత సులువు.

"అరవై ఒక్క మెట్లకు పెట్టలేదక్కా. పసుపు చాల్లేదు."

"చాల్లేదా," అంది. ఖాళీ డబ్బా తీసుకుని లోపల వేలితో తడిమింది. తర్వాత, "మిగిలినవి వచ్చే ఏడు నువ్వు పెట్టు" అంది. ఎప్పుడూ 'మనం' అనే మనిషి.

ఉగాది వచ్చే పంగుని నెల రాకముందే పోయింది.

ఆమెకు ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి స్వామి నాకు ఒక సాయంత్రమైనా ఇచ్చాడు. అందుకు రోజూ దండం పెట్టుకుంటాను. కానీ ఆడిలో ఆమె తన కాళ్ళతో ఎక్కి ఉండేది. ఆ ఒక్కటి తలుచుకుంటే చేతులు జోడించి ఏమడగాలో తెలియదు.

నిన్న పసుపు కొమ్ములు తెచ్చి ఎండబెట్టాను. అరవై ఒక్క మెట్లకు ఎంత దంచాలో నాకు తెలియదు. ఆ కొలత అక్క చేతికే తెలుసు.