పుస్తకంలో లేని బండి

నిన్న పొద్దున పక్కింటి కోడలు పొయ్యి మీద ఆముదం గిన్నె పెట్టి, వాకిట్లో ఎవరితోనో మాటల్లో పడి మరిచిపోయింది. కాసేపటికి మాడిన ఆముదం వాసన గోడ దాటి మా వసారాలోకి వచ్చింది. చదువుతున్న పత్రికను ఒళ్ళో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. కర్నూలులో బళ్ళారి రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు, దాని ముందు పరిచిన నాపరాళ్ళు, వాటి మీద వణుకుతూ నిలబడిన ఒక ఆకుపచ్చ బండి, వెనక గొట్టంలోంచి వస్తున్న తెల్లటి పొగ కనిపించాయి. ఆ పొగ వాసన ఇదే. పందేల బండ్ల ఇంజన్లలో ఆ కాలంలో ఆముదం నుంచి తీసిన నూనె పోసేవారని తర్వాత నేను గ్రంథాలయంలో చదివాను. ఆ షెడ్డు నడిపే దస్తగిరి మేస్త్రి ఏమీ చదవలేదు. పొగకు అడ్డంగా అరచెయ్యి పెట్టి, దాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకుని, "ఇది ఆముదం తాగే గుర్రమప్పా. సంతకు పోయొచ్చేదానికి చేసింది కాదు" అన్నాడు.

మీలో ఎవరూ ఆయనను చూసి ఉండరు. పొట్టి మనిషి, దూదేకుల కుటుంబం, ఎడమచేతి చూపుడువేలికి గోరు లేదు. కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయినప్పుడు ఆయన షెడ్డుకు మంచి కాలం వచ్చింది. కచేరీలు డేరాల్లో నడిచినా పెద్దలకు కార్లు తప్పవు, కార్లకు మేస్త్రి తప్పడు. నేను ఆయన దగ్గర గుమాస్తాను. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు. స్కూలు ఫైనల్లో లెక్కలు తప్పినవాడినే గానీ, పట్టణ గ్రంథాలయంలో నేను చెయ్యిపెట్టని బీరువా లేదని నాకు గర్వంగా ఉండేది. ఒక ముసలి ఇంజనీరు ఊరు విడిచిపోతూ తన మోటారు పుస్తకాలూ ఇంగ్లీషు పత్రికలూ ఆ గ్రంథాలయానికి ఇచ్చిపోయాడు. నిఘంటువు పక్కన పెట్టుకుని, సాయంత్రానికొక పేజీ చొప్పున వాటిని చదివి నేర్చుకున్నాను. మేస్త్రికి ఇంగ్లీషు రాదు. బండి నంబరు చూసి అది ఏ ఏటిదో, దానికి ఏ సామాను సరిపోతుందో చెప్పి, మద్రాసుకు ఉత్తరం రాసి తెప్పించడం నా పని. "నా చేతులకు కండ్లు నువ్వేనప్పా" అనేవాడు. ఆ మాటకు నేను లోలోపల పొంగిపోయేవాడిని.

ఆకుపచ్చ బండి 1954 ఎండాకాలంలో వచ్చింది. వేంపల్లె దగ్గర భూములున్న ఒక రెడ్డి రాజధాని పనుల మీద కర్నూలు వచ్చిపోతుండేవాడు. మద్రాసులో ఒక దొర ఇల్లు ఖాళీ చేసి ఇంగ్లండుకు పోతుంటే, వేలంలో బల్లలూ బీరువాలతో పాటు ఈ బండిని కూడా పాడుకున్నాడు. ఇద్దరే పట్టే బండి. పైకప్పు లేదు. నేలకు జానెడెత్తున పాములా సాగి ఉండేది.

"మేస్త్రీ, దీంట్లో మా ఆడోళ్ళు ఎక్కరు, మూటలు పట్టవు. మా ఊరి దావలో పోతే దీని కడుపు రాళ్ళకు కొట్టుకుంటాది. ఇంజను మాత్రం శానా బలంగా ఉండాది. ఇప్పి నా బాయికాడ బిగిస్తావా?" అన్నాడు రెడ్డి.

ఆయన ఎగతాళికి అడగలేదు. వరసగా రెండేళ్ళు వానలు తప్పాయి. బావిలో నీళ్ళు ఎంత లోతుకు పోయాయంటే నీళ్ళు తోడే కపిలను లాగలేక ఎద్దులు మొండికేస్తున్నాయట. తోటలో చీనీ బత్తాయి చెట్లు కొనల నుంచి ఎండిపోతున్నాయి.

"వారం గడువియ్యి సామీ. చూసి చెప్తా" అన్నాడు మేస్త్రి.

ఆ వారమంతా ఆయన బండిని తడుముతూనే ఉన్నాడు, ఒక్క నట్టు కూడా విప్పలేదు. ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి, బానెట్టు ఎత్తి, నా వేలు పట్టుకుని ఇనుము మీద నడిపించాడు. "తెలుస్తాందా? ఆకురాయి గీతలు. మిషను చేసిన పని కాదిది, ఎవురో మనిషి కూర్చుని రాకినాడు. ఇంగ ఇది చూడు. ఈడ బొక్కేసి, మళ్ళ పూడ్చి, అంగుళం పక్కన ఇంకో బొక్క ఏసినారు. ఎందుకంటావు?"

"పొరపాటు పడి ఉంటారు" అన్నాను.

"పొరపాటు కాదప్పా, చూసుకున్నారు. మన ఆచారి కొత్తరకం మడక చేయాలంటే ముందు ఒకటి చేసి, దున్ని చూసి, మళ్ళ చెక్కుతాడు గదా. అది సరిపోయినాకనే ఊరికంతా చేస్తాడు. ఇది ఆ మొదటి మడక. తల్లి బండి."

తర్వాత ఇనుప చట్రం మీద కొట్టిన నంబరు చూపించాడు. మామూలు బండ్లకు అంకెలన్నీ ఒకే ఎత్తులో, గీత గీసినట్టు ఉంటాయి. దీనికి ఇంగ్లీషు ఎక్స్ అక్షరం, దాని పక్కన రెండే అంకెలు, చేత్తో సుత్తి పెట్టి కొట్టినట్టు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. "దీన్ని చేసిన కంపెనీకి ఒక జాబు రాయప్పా. ఈ గుర్తేందో వాళ్ళనే అడుగు. జవాబు వచ్చేదాకా దీని మీద పానా పెట్టను" అన్నాడు. సరేనన్నాను.

రాయలేదు. ఇంగ్లండుకు ఉత్తరం పోయి రావడానికి ఎన్నాళ్ళు పడుతుందో తెలియదు. పైగా గ్రంథాలయంలో బండ్ల నంబర్ల పట్టికలున్న లావుపాటి పుస్తకం నా చేతికందేంత దూరంలో ఉంది. ఆ సాయంత్రమే తెరిచాను. ఆ రకం బండికి మొదటి నంబరు నుంచి చివరి నంబరు దాకా వరసగా ఇచ్చారు. ఎక్స్ అన్న అక్షరమే లేదు. మూడుసార్లు చూశాను. మూడోసారి చూసి పుస్తకం మూసేటప్పుడు నాకు కలిగింది అనుమానం కాదు, సంతోషం. మేస్త్రి చేతికి తెలియనిది నాకు తెలిసిందన్న సంతోషం.

రోజూ నాలుగు గంటలకు షెడ్డు ముందు టీ తాగడం అలవాటు. కచేరీ కార్లు నడిపే డ్రైవర్లు పదీ పన్నెండు మంది నాపరాళ్ళ మీద గొంతుక్కూర్చునేవారు. వాళ్ళందరికీ పెద్ద గోపాలన్న. ఏ కారు ఏ షెడ్డుకు పోవాలో ఆయన మాట మీద నడిచేది. గడువు నాటికి రెడ్డి సరిగ్గా ఆ వేళకే వచ్చాడు.

"ఏం తేలింది మేస్త్రీ?"

"సామీ, ఇది అమ్మేదానికి చేసిన బండి కాదు. ముందు చేసి చూసుకున్నది. ఇట్లాంటివి లోకంలో రెండో మూడో ఉంటాయి. ఇప్పితే మళ్ళ రాదు. నీ బాయికి నేను వేరే ఇంజను చూసి పెడతా."

"ఎవురు చెప్పినారు నీకు?"

"నా చెయ్యి చెప్పింది సామీ."

డ్రైవర్లు నవ్వారు. రెడ్డి నవ్వలేదు. నా వైపు తిరిగి, "చదువుకున్నోనివి, నువ్వు చెప్పప్పా" అన్నాడు.

ఆ నంబరు పుస్తకంలో నాకు కనబడలేదు అని అంటే సరిపోయేది. నేను లేచి నిలబడ్డాను. "కంపెనీ చేసిన ప్రతి బండీ పుస్తకంలో ఉంది. ఈ నంబరు లేదు. ఎవరో నాలుగు బండ్ల ముక్కలు అతికించి, దొంగ నంబరు కొట్టి అమ్మారు" అన్నాను.

గోపాలన్న తొడ చరుచుకున్నాడు. "ఏం మేస్త్రీ, దొంగబండిని తల్లిబండి అంటివే! ఏ లండన్లో చదువుకొనొస్తివప్పా?"

ఆ నవ్వుల్లో మేస్త్రి నన్ను ఒకే మాట అడిగాడు. "జాబు రాసినావా?"

"అవసరం లేకపోయింది."

ఆయన తల ఊపి టీ గ్లాసు కింద పెట్టాడు. రెడ్డి "అయితే ఇప్పేయ్" అని లేచిపోయాడు. మర్నాడు పొద్దున్నే మేస్త్రి ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా తానే విప్పాడు. తీసిన ప్రతి ముక్కనూ గుడ్డతో తుడిచి, గోనెపట్టల మీద వరసగా పరిచాడు. మళ్ళీ బిగించబోయేవాడు పరిచినట్టే పరిచాడు. మధ్యాహ్నానికి ఇంజను ఎద్దులబండి ఎక్కింది. మిగిలిన ఆకుపచ్చ రేకును పాతసామాను వాడు మడతపెట్టి తొక్కి తీసుకుపోయాడు.

"లండన్ మేస్త్రి" అన్న పేరు ఆయనకు అతుక్కుపోయింది. ముందు సరదాకే అన్నారు. తర్వాత ఆయన "ఈ బేరింగు ఇంగ వారమే వస్తాది" అంటే, "పుస్తకంలో ఉందో లేదో గుమాస్తాను అడుగుదాం ఉండు" అనేవారు. ఒకటీ రెండూ కార్లు వేరే షెడ్లకు తిరగడం మొదలైంది.

రెండేళ్ళ తర్వాత, 1956 ఎండాకాలంలో, గ్రంథాలయానికి కొత్తగా వచ్చిన ఇంగ్లీషు పత్రికల కట్టలో ఒక వ్యాసం చదివాను. వేగం కోసం బండి చేసే కంపెనీలు ముందు ఒకటో రెండో నమూనా బండ్లు చేత్తో కడతాయట. అవి కుదిరాక, అమ్మకానికి పోయే వరసకు ముందు మరికొన్ని చేసి ఎండకూ దుమ్ముకూ కొండలకూ తోలి పరీక్షిస్తాయట. ఇవి అంగడికి రావు కాబట్టి వీటికి అమ్మకపు వరసలో నంబరు ఇవ్వరు. ఒక్కో కంపెనీ ఒక్కో అక్షరం పెట్టుకుని, వేరే చిన్న వరసలో గుర్తు కొడుతుంది. అందుకే అవి పట్టికల్లో ఉండవు. పరీక్షలయ్యాక పగలగొట్టాలని నియమం. అయినా కొన్ని కంపెనీలో పనిచేసేవాళ్ళకో, పందేలు ఆడేవాళ్ళకో, పరీక్షకు పంపిన దేశంలోనే ఎవరికో చేరిపోతాయి. అలాంటివాటిని వెతికి కొని దాచుకునే ధనవంతులు ఇప్పుడు అక్కడ బయలుదేరారని రాశారు. చివర మన బండి రకం పేరు, ఎక్స్ అక్షరం, ఎన్ని చేశారో ఇచ్చారు. వాటిలో ఒకటి వేడి పరీక్షకు మద్రాసు పంపారనీ, తర్వాత దాని ఆచూకీ లేదనీ ఉంది. ఆ వాక్యం మీద వేలు పెట్టుకుని దీపాలు పెట్టే వేళ దాకా కూర్చున్నాను.

ఐదు నెలలు ఎవరికీ చెప్పలేదు. రాజధాని హైదరాబాదుకు మారుతుందని తేలిపోయింది. అక్కడి సర్కారు గ్యారేజీకి ఇక్కడి నుంచి ఒక మేస్త్రిని తీసుకుపోతారని, ఆ పేరు గోపాలన్న చెబుతాడని అందరికీ తెలిసింది. కార్లన్నీ వెళ్ళిపోతే మా షెడ్డులో ఏమీ మిగలదు. మేస్త్రికి యాభై దాటాయి. ఆయన ఆ పని ఆశిస్తున్నాడని, అడగడం లేదని నాకు తెలుసు. చివరికి అక్టోబరులో ఒక మధ్యాహ్నం, షెడ్డులో మేమిద్దరమే ఉన్నప్పుడు, పత్రిక తెరిచి ఆయన ముందు పెట్టి తెలుగులో చదివి చెప్పాను.

"కలెక్టర్లంటారట వాళ్ళను. ఇలాంటి బండ్లు వెతికి దాచుకునేవాళ్ళను" అన్నాను.

"మన జిల్లా కలెక్టరు ఒక సైకిలు కూడా దాచుకోలేదే పాపం" అని నవ్వాడు. తర్వాత చేతులు తుడుచుకున్నాడు. "ఆ ఇంజను పోయిన ఎండాకాలంలోనే పగిలిపోయిందంట. బాయి కూడా ఎండిపాయ. రెడ్డి చెప్పినాడు."

"తప్పు నాది మేస్త్రీ."

"నాకు చెప్పి ఏం లాభమప్పా? నాకు అప్పుడే తెలుసు. నలుగురిలో అన్నావు. రేపు టీకి ఆ నలుగురూ వస్తారు. వాళ్ళకు చెప్పు." ఆయన గొంతులో కోపం లేదు. ఆయన నన్ను ఏదైనా అడగడం అది రెండోసారి. మొదటిసారి జాబు.

మర్నాడు నాలుగు గంటలకు పత్రికను చొక్కా లోపల పెట్టుకుని వెళ్ళాను. అందరూ ఉన్నారు. మేస్త్రి ఒక కారు బానెట్టు కింద తల పెట్టి పనిచేస్తున్నాడు. గోపాలన్న నాకు చోటిస్తూ, "రాప్పా పండితుడా, ఈ పొద్దు ఏం చదివినావు? మాకూ కొంచెం చెప్పు" అన్నాడు. పన్నెండు మంది నా వైపు చూశారు. ఆ చూపుల్లో రెండేళ్ళుగా నేను సంపాదించుకున్న మర్యాద ఉంది. నోరు తెరిచాను. హైదరాబాదులో చార్మినారు ఎన్ని అడుగుల ఎత్తో, నవాబుల కాలంలో అక్కడికి మొదట మోటారు ఎట్లా వచ్చిందో చెప్పడం మొదలుపెట్టాను. అందరూ శ్రద్ధగా విన్నారు, మధ్యలో నవ్వారు. మేస్త్రి బానెట్టు కింది నుంచి ఒకసారి తల ఎత్తి నన్ను చూశాడు. మళ్ళీ పనిలోకి వంగాడు.

వారం తిరిగేసరికి కచేరీల సామాను లారీలు బయలుదేరాయి. హైదరాబాదుకు వేరే షెడ్డు మేస్త్రి వెళ్ళాడు. దస్తగిరి మేస్త్రి బళ్ళారి రోడ్డు మీద నీళ్ళ పంపులూ జీపులూ బాగుచేస్తూ ఉండిపోయాడు. నన్ను పనిలోంచి తీసేయలేదు. మద్రాసుకు ఉత్తరాలు ఎప్పటిలాగే నాతోనే రాయించాడు. ఆ బండి ఊసు మళ్ళీ ఎత్తలేదు. ఆ ఊసు ఎత్తితే బాగుండునని నేను ఎన్నోసార్లు అనుకున్నాను.

1959లో ఒక పని మీద హైదరాబాదు వెళ్ళినప్పుడు, పత్రిక సంచిలో పెట్టుకుని సర్కారు గ్యారేజీ గేటు దగ్గర గోపాలన్న కోసం నిలబడ్డాను. ఆయన జుట్టు నెరిసింది. గుర్తుపట్టి చెయ్యి పట్టుకున్నాడు.

"అన్నా, ఆ ఆకుపచ్చ బండి గురించి చెప్పాలని వచ్చాను" అన్నాను.

"ఏ బండప్పా?"

"వేంపల్లె రెడ్డిది. రెండు సీట్లది. మా షెడ్డులో విప్పారే."

చాలాసేపు ఆలోచించాడు. "ఊహూ. గురుతుకు రాలేదు."

"దస్తగిరి మేస్త్రి గుర్తున్నాడా?"

"లండన్ మేస్త్రా! ఆయన్ను ఎట్ల మరుస్తా? చెయ్యి మంచిదే గానీ, మాట నమ్మేదానికి లేదప్పా. అందుకే గదా ఈడికి పిలిపించలేదు."

పత్రిక తీసి చూపించాను. నంబర్ల సంగతి, ఎక్స్ సంగతి, మేస్త్రి రాయమన్న జాబు సంగతి, నేను రాయని సంగతి వరసగా చెప్పాను. మర్యాదగా విన్నాడు. లోపలి నుంచి ఎవరో హారను కొట్టారు. "అట్లనా? పోనీలేప్పా, ఎప్పటి మాటో" అని భుజం తట్టి వెళ్ళిపోయాడు.

ఆ బండిని ఆయన పూర్తిగా మరిచిపోయాడు. దాని మీద నేను అన్న మాట ఒక మనిషికి ఎట్లా అంటిందో అది మాత్రం ఆయనలో చెక్కుచెదరలేదు. తర్వాత నేను చాలా చదివాను. చదివినవి చాలా మరిచిపోయాను. అక్టోబరులో ఆ రోజు, పన్నెండు మంది ముందు అనడానికి దారిపొడుగునా నేను కూర్చుకున్న మాటలు మాత్రం ఇప్పటికీ ఒక్క అక్షరం తప్పకుండా నా దగ్గర ఉన్నాయి. "ఆ బండి దొంగది కాదు. మేస్త్రి చెప్పిందే నిజం. తెలియక అన్నది నేను." ఈ మూడు మాటలు అనడానికి ఒక గుక్క టీ మింగినంత సేపు కూడా పట్టదు.