దవాఖానా గోడకు మాటలు నేర్పిన మేడమ్

మా కంప్యూటర్ మేడమ్ చనిపోయారన్న వార్త నాకు ఫ్లెక్సీ ఆర్డరుగా వచ్చింది. పొద్దున షాపు షట్టరు ఎత్తి, మిషను ఆన్ చేసి ఫోను చూసుకుంటే నేను చదివిన కాలేజీ ఆఫీసు నుంచి మెసేజి. రెండు ఫొటోలు, నాలుగు లైన్లు. "మా కళాశాల పూర్వ అధ్యాపకురాలికి కన్నీటి నివాళి" అని మొదలైంది. మొదటి ఫొటో మేడమ్‌ది. రెండోది కాలేజీ చైర్మన్‌ది. చైర్మన్ గారి ఫొటో కాస్త పెద్దగా రావాలని కింద ప్రత్యేకంగా రాశారు.

ఈ అడవి అంచు టౌనులో చావు ఫ్లెక్సీలు కొట్టడం నాకు కొత్త కాదు. ఎవరు పోయినా ముందు నాకే తెలుస్తుంది. పేరు సరిచూసుకుని, ఫొటో వెనక ఆకాశం పెట్టి ప్రింటు కొట్టేస్తాను. ఆ రోజు మాత్రం ఫైలు ముట్టుకోలేదు. ఆఫీసు క్లర్కుకు ఫోను చేశాను.

"ఏమైందన్నా మేడమ్‌కి?"

"గుండె ఆగిందంట అమ్మా. ఖమ్మంల వాళ్ళ చెల్లె ఇంట్ల. మొన్ననే మట్టి కూడా అయిపోయిందంట. రేపు మన కాలేజీల సంతాప సభ. ఫ్లెక్సీ జల్దీ కావాలె."

"ఆమెను ఎళ్ళగొట్టింది మీరే కదన్నా."

"గిప్పుడు గవన్నీ ఎందుకు? సైజు పంపిస్తా, చూసుకో" అని పెట్టేశాడు.

కడుపు మండిపోయింది. ఏడవాలో తిట్టాలో తెలియక ఫైలు తెరిచి ఆమె మొహం చూస్తూ కూర్చున్నాను. ఇది రాస్తున్నది కూడా ఆ మంట చల్లారకే. నివాళి అంటే మంచిమాటలే రాయాలంటారు. మేడమ్ గురించి మంచిమాటలే రాస్తాను. మిగిలిన వాళ్ళ గురించి నా వల్ల కాదు.

మేడమ్‌ది ఖమ్మం. చర్చికి తప్పకుండా పోయే కుటుంబం. ఆదివారం మధ్యాహ్నం దాకా ఆమె ఫోను ఎత్తేవారు కాదు. మిగిలిన రోజుల్లో ఎప్పుడు చేసినా ఎత్తేవారు, ఎత్తగానే తిట్టేవారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం మాకెవరికీ లేకపోయింది.

నేను చండ్రుగొండ నుంచి వచ్చి హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న రోజుల్లో ఆమె గెస్టు లెక్చరర్‌గా చేరారు. అప్పటిదాకా మాకు కంప్యూటర్ క్లాసంటే బోర్డు మీది ప్రోగ్రామును నోటుబుక్కులోకి ఎక్కించుకోవడమే. ల్యాబులోకి చెప్పులు విడిచి పోవాలి. కంప్యూటర్లన్నిటికీ గుడ్డలు కప్పి ఉండేవి. మేడమ్ మొదటి రోజే ఆ గుడ్డలన్నీ లాగి మూలన పడేశారు. మేం సంబరంగా కుర్చీలు లాక్కోబోయాం.

"కూసోమని ఎవరన్నరు? బయటికి నడవండి ముందు!"

ఆ వారమంతా మమ్మల్ని బస్టాండులో, సంతలో, దవాఖానాలో తిప్పారు. ఆమె పద్ధతి విచిత్రంగా ఉండేది. ఏ ప్రాజెక్టు మొదలుపెట్టాలన్నా ముందు దానికొక తిట్టే మనిషిని వెతికి తెచ్చుకోవాలి. మనం చేసింది పాడైతే ఇబ్బంది పడే మనిషి, ఇబ్బంది పడి మన మొహం మీదే తిట్టగలిగే మనిషి. అలాంటి వాళ్ళు దొరికేదాకా స్విచ్ వేయనిచ్చేవారు కాదు. మార్కులు కూడా వాళ్ళను అడిగే వేసేవారు. "నాకు నచ్చితే ఏమొస్తది? వాడుకునేటోళ్ళకు నచ్చాలె" అనేవారు.

మా ముగ్గురి జట్టుకు సర్కారు దవాఖానాలో పెద్ద సిస్టరు దొరికింది. ఆమె గొంతు లేస్తే వార్డు వార్డంతా గప్‌చుప్ అయ్యేది. మేం భయపడుతుంటే మేడమ్ మాత్రం మురిసిపోయారు.

"గిసుంటి ఆమెనే కావాలె మనకు" అని, ఆవిడ ముందే అడిగారు. "చెప్పు సిస్టరూ, నీకు రోజూ తలనొప్పి తెచ్చే పనేంది?"

"ఏముంది మేడమ్, అడివి ఊళ్ళ నుంచి వస్తరు. బోర్డులు చదవరావు, తెలుగు అంతంతే. రక్తపరీక్ష యాడ, మందులు యాడ అని అందరూ నన్నే పట్టుకుంటరు. నేను సూదులెయ్యాల్నా, దారి చూపాల్నా?"

అదే మా ప్రాజెక్టు అయింది. దవాఖానా గుమ్మం పక్క గోడకు ఒక ట్యాబ్ బిగించాలి. తెర మీద బొమ్మలు. కడుపుతో ఉన్న మనిషి బొమ్మ, పసిబిడ్డ బొమ్మ, మందు సీసా బొమ్మ. బొమ్మ మీద వేలు పెడితే ఏ గదికి ఎటు పోవాలో కోయ భాషలో చెప్పాలి. మాలో ఒకమ్మాయి కోయల పిల్ల. వాళ్ళమ్మను పిలిపించి, కాలేజీ స్టోర్‌రూములో పరుపులు అడ్డం పెట్టి గొంతు రికార్డు చేశాం. ట్యాబ్ మేడమ్‌దే. తన సొంతానికి కొనుక్కున్నది తెచ్చి మా చేతుల్లో పెట్టారు.

చేసేటప్పుడు ఒక్కసారి కూడా మా మౌసు ముట్టుకోలేదు. వెనక ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, పెన్ను మూత కొరుకుతూ చూసేవారు. "మేడమ్, మీరు చేసి చూపించండి" అని బతిమాలితే, "నేను చెయ్యి పెడితే అది నా పనైతది, మీకేం మిగుల్తది?" అనేవారు. మాకు ఒళ్ళు మండేది. రెండు రోజులు తప్పుల్లో కొట్టుకున్నాక దారి దానంతటదే దొరికేది. అప్పుడు ఒక బన్ను ముక్క టీలో ముంచి ఇచ్చేవారు. పొగడ్త అంటే ఆమె దగ్గర అంతే.

బిగించిన రోజున చైర్మన్ గారు వచ్చి ప్రారంభోత్సవం చేశారు. కొబ్బరికాయ కొట్టారు. ట్యాబుకు పసుపు రాసి, బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశారు. వెనక కాలేజీ స్టిక్కరు అంటించారు. ఫొటోలు దిగి అందరూ వెళ్ళిపోయారు, మేమూ వెళ్ళిపోయాం. మర్నాడు పెద్ద సిస్టరు ఫోను.

"మీ మిషను కాడ చిల్లర పడుతుంది. వచ్చి ఏరుకోని పొండి!"

పరుగెత్తుకుంటూ పోయి చూస్తే, ఊళ్ళ నుంచి వచ్చిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే ట్యాబ్ ముందు ఆగి, దండం పెట్టి, మెట్టు మీద రూపాయి పెట్టి, ఆ తర్వాత సిస్టరునే దారి అడుగుతున్నారు. దండ తీయాలన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు. బొట్టు పెట్టినదాన్ని తుడవడం మాకు చేతకాని పని. మా వెనకే వచ్చిన మేడమ్ నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత మొదలైంది వాయింపు.

"తియ్యండి ఆ దండ! బొట్టు తుడవండి! కిందికి దింపి బిగించండి! దేవుణ్ణి చేసి పెడితే ఎవరు ముట్టుకుంటరు?"

దండ తీశాం. తెర చంటిపిల్లను ఎత్తుకున్న మనిషికి అందేంత కిందికి దింపాం. మేడమ్ మమ్మల్ని ఎదుటి గోడకు ఆనుకుని చేతులు వెనక్కి కట్టుకోమన్నారు. "నోరు తెరవద్దు. అది మాట్లాడాలె. మీరు మాట్లాడాల్సి వచ్చిందంటే అది పనికిరానట్టే లెక్క." కాసేపటికి ఒక తల్లి, జ్వరంతో తల వాల్చేసిన బిడ్డను భుజాన వేసుకుని వచ్చింది. అటూ ఇటూ చూసి పసిబిడ్డ బొమ్మ మీద వేలు పెట్టింది. తన భాష వినపడగానే ఉలిక్కిపడింది. మళ్ళీ వేలు పెట్టి పూర్తిగా విని, ఎవరినీ అడగకుండా నేరుగా పిల్లల డాక్టరు గదికి నడిచింది. పెద్ద సిస్టరు తలుపు దగ్గర నిలబడి చూసి, ఏమీ తిట్టకుండా లోపలికి వెళ్ళిపోయింది. నాకు డిగ్రీ వచ్చింది ఆ రోజే అనుకుంటాను.

కాగితం మీది డిగ్రీ సంగతి వేరు. ప్రాక్టికల్ పరీక్షకు బయటి కాలేజీ నుంచి పరీక్షాధికారి వచ్చారు. మేడమ్ చెప్పని రెండో సెక్షను వాళ్ళంతా ఖమ్మం షాపుల్లో రెడీమేడ్ ప్రాజెక్టులు కొని, బంగారు అక్షరాల అట్టలు వేయించి తెచ్చారు. లోపల ఏముందో తెచ్చిన వాళ్ళకే తెలియదు. ఆయన మా ముగ్గురినీ చూసి "బుక్కేది?" అన్నారు.

మేడమ్ ముందుకొచ్చారు. "బుక్కు సన్నగనే ఉంటది సార్. పని దవాఖానల ఉంది. ఆటో పిలుస్తా, పోయి చూసొద్దాం రండి."

"నాకంత టైము లేదమ్మా" అన్నారాయన. భోజనానికి మాత్రం టైము దొరికింది. అట్టలు వేసిన వాళ్ళకు మంచి మార్కులు, మాకు గట్టెక్కే మార్కులు వచ్చాయి. మార్కులు తగ్గాయని మా సెక్షను పిల్లల తల్లిదండ్రులు కాలేజీ మీదికి వచ్చారు. తర్వాతి ఏడాది అందరితో షాపు ప్రాజెక్టులే చేయించమని చైర్మన్ చెప్పారు. మేడమ్ కుదరదన్నారు. అంతే, సెలవుల తర్వాత ఆమెను పిలవలేదు. పొమ్మని కూడా ఎవరూ అనలేదు. హాజరు పుస్తకంలో పేరు ఎక్కించకుండా చేతులు దులుపుకున్నారు. ల్యాబులో మళ్ళీ గుడ్డలు కప్పారని జూనియర్లు చెప్పారు.

ఆమె ఊరు విడిచి పోలేదు. ఒక మొబైల్ షాపు మీద గది కిరాయికి తీసుకుని, వచ్చిన పిల్లలకు నేర్పుకుంటూ ఉన్నారు. నేను ఈ షాపు పెట్టిన కొత్తలో వచ్చి, నా మొదటి బోర్డు చూసి, నన్ను రోడ్డు అవతలికి లాక్కుపోయి నిలబెట్టారు. "ఇక్కడికి కనపడుతుందా? ఎవరి కోసం రాసినవ్, నీ కోసమా?" ఇప్పటికీ ఏ బోర్డు గీసినా రోడ్డు దాటి చూసొస్తాను. వారం వారం దవాఖానాకు పోయి తెర తుడిచి, గదులు మారితే ఆ కోయ తల్లితోనే కొత్త మాటలు చెప్పించి ఎక్కించి వచ్చేవారు. జీతం ఇచ్చేవాళ్ళు లేకపోయినా ఆ పని మానలేదు.

ఇక్కడిదాకా నేను ఎలాగో ఓర్చుకోగలను. తర్వాత జరిగిందే మింగుడు పడదు. కాలేజీకి గ్రేడు ఇచ్చే కమిటీ వస్తోందని, చూపించడానికి ఏదైనా కావాలని, దవాఖానా గోడ మీది ట్యాబ్ ఊడదీసుకుపోయారు. రెండు రోజుల్లో తెచ్చి పెడతామని పెద్ద సిస్టరుతో చెప్పారట. అద్దాల పెట్టెలో పెట్టి, లోపల లైటు వేసి, "మా విద్యార్థుల ఆవిష్కరణ" అని రాశారు. కమిటీ వచ్చింది, మెచ్చుకుంది, పోయింది. ట్యాబ్ మాత్రం పెట్టెలోనే ఉండిపోయింది.

మేడమ్ అడగడానికి పోయారు. బయట బెంచీ మీద కూర్చోబెట్టి, మళ్ళీ రమ్మన్నారు. మళ్ళీ పోతే మళ్ళీ బెంచీ. ఒకసారి నేనూ వెంట పోయాను. "స్టిక్కరు కాలేజీది ఉంది గద మేడమ్, గది కాలేజీ ఆస్తి" అన్నాడు క్లర్కు. నేను ఎగిరి పడబోతే మేడమ్ చేయి పట్టి ఆపారు. ఎప్పుడూ తిట్టే మనిషి ఆ రోజు ఎవరినీ ఏమీ అనలేదు. మెట్లు దిగుతూ, "ఆ అమ్మ గొంతు అందులనే ఉండిపోయిందే" అన్నారు. ల్యాబులో ఉన్న రెండో కాపీ మిషన్లు ఫార్మాటు కొట్టినప్పుడే పోయింది. ఆ గొంతు ఇచ్చిన తల్లి కూడా అప్పటికి లేదు. ఇంకెవరితోనైనా కొత్తగా చేయిద్దామని మొదలుపెట్టారు. కాళ్ళ వాపులు, ఆయాసం వచ్చి పని సగంలో ఆగింది. చెల్లెలు వచ్చి ఖమ్మం తీసుకుపోయింది.

అందుకే ఆ పొద్దున ఫైలు మూసి, క్లర్కుకు మళ్ళీ ఫోను చేశాను. "ట్యాబ్ దవాఖానాకు పంపండన్నా. ఫ్లెక్సీ ఊరికే కొట్టిస్తా."

"ఏందమ్మా, చావు కాడ బేరమా?"

"అవ్. బేరమే."

ఇంకో షాపులో కొట్టించుకున్నారు. సభకు మాత్రం పిలవకపోయినా పోయాను. చైర్మన్ గారు నవ్వుతున్న ఫ్లెక్సీ కింద మేడమ్ ఫొటో పెట్టారు. ఆమె మా కుటుంబ సభ్యురాలు అన్నారు చైర్మన్ గారు. దవాఖానా ప్రాజెక్టు మా కాలేజీకే గర్వకారణం అన్నారు. నేను లేచి నిలబడ్డాను. అందరికీ వినపడేలాగే అడిగాను.

"సార్, అయితే ఆ ట్యాబ్ దవాఖానాకు ఎప్పుడిస్తరు?"

"చూద్దాం తల్లీ. వచ్చే కమిటీ కూడా వచ్చిపోనీ" అన్నారాయన, చిన్నపిల్లను ఊరుకోబెట్టినట్టు. తర్వాత రెండు నిమిషాలు మౌనం పాటించమన్నారు. ఆ కాలేజీలో మాకు బాగా నేర్పిన విద్య అదొక్కటే. నేను పాటించకుండా బయటికి వచ్చేశాను.

కొత్తది చేయొచ్చు కదా అని మీరు అడుగుతారు. చేస్తాం. మా ముగ్గురం మాట్లాడుకున్నాం, గొంతు ఇవ్వడానికి మనిషి కూడా దొరికింది. దానితో మేడమ్‌కు జరిగిన అవమానం చెరిగిపోతుందని మాత్రం ఎవరూ నాకు చెప్పవద్దు. బతికుండగా బెంచీ మీద కూర్చోబెట్టి, పోయాక వేదిక మీద పెట్టిన వాళ్ళను నేను క్షమించలేను.

సభ నుంచి తిన్నగా దవాఖానాకు పోయాను. పెద్ద సిస్టరుకు మేడమ్ పోయిన విషయం ఎవరూ చెప్పి ఉండరనిపించింది. గుమ్మం దగ్గరే ఆగిపోయాను. చంకలో పసిబిడ్డతో ఒక చిన్న వయసు తల్లి గోడ ముందు నిలబడి ఉంది. ఇదే మొదటిసారి రావడం కాబోలు. ఊళ్ళో ఎవరో చెప్పి పంపి ఉంటారు, అక్కడ వేలు పెడితే మన మాటలో చెప్తుందని. మేకులు పీకిన రంధ్రాల మధ్య, సున్నం మీద వేలితో నొక్కింది. చెవి దగ్గరగా పెట్టింది. కాసేపు ఆగి, ఇంకాస్త గట్టిగా నొక్కింది.