పునాదికి నీళ్ళు పెట్టిన వేసవి

ఐదో తరగతి పాసైన మరుసటి ఏడు నేను మళ్ళీ ఐదో తరగతిలోనే కూర్చున్నాను. తప్పి కాదు. మా ఊళ్ళో ఆ పైన తరగతి లేదు, అందుకని. మగపిల్లలు ఫస్టు ఫారం, అంటే ఆరో తరగతి, చదవడానికి సైకిళ్ళెక్కి బెజవాడ పోయేవాళ్ళు. ఆడపిల్లలం ఇంట్లో కూర్చోవాలి, లేదా చదివిన పుస్తకమే మళ్ళీ చదవాలి. ఇంట్లో కూర్చోవడం నా ఒంటికి పడదు కనక నేను పుస్తకం పట్టుకున్నాను. పంతులుగారు ప్రశ్న పూర్తిగా అడక్కముందే జవాబు చెప్పేసేదాన్ని. "నువ్వు కాసేపు నోరు మూసుకోవే తల్లీ, మిగతావాళ్ళని కూడా పాసవనీ" అని ఆయన మొత్తుకునేవారు.

మాది పటమట దాటి ఉయ్యూరు వెళ్ళే దారిలో, బందరు కాలువ పక్కన ఊరు. యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సులు వెనకాల బొగ్గు పొయ్యి తగిలించుకుని తిరిగేవి. ఆ ఏడు పెద్ద పరీక్షలు దగ్గర పడుతుండగా మా తాతయ్య ఒకరోజు భోజనం ముందు కూర్చుని ఉన్నట్టుండి అరిచాడు.

"దీన్ని మూడోసారి కూడా ఐదులోనే కూర్చోబెడతారా? మనిషన్నాక సిగ్గుండాలి!"

ఎవరికి సిగ్గుండాలో చెప్పలేదు. తాతయ్యకి చదువు రాదు, సంతకం మాత్రం వచ్చు. కానీ ఆ వారంలోనే బెజవాడ వెళ్ళి ఎవరెవరినో కనుక్కుని వచ్చాడు. ఊరివాళ్ళు మంచి ఇల్లు చూపిస్తే జిల్లా బోర్డు వాళ్ళు ఆడపిల్లల కోసం ఫస్టు ఫారం పెడతారట, పంతులమ్మని కూడా వాళ్ళే పంపిస్తారట. "ఇల్లెక్కడో వెతకడం దేనికి? నా కొత్తిల్లు ఉందిగా!" అన్నాడు తాతయ్య. మా ఇంట్లో అందరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

కొత్తిల్లంటే మేముండే ఇంటి పక్కనే తాతయ్య కట్టించిన పెంకుటిల్లు. ఇటుకలూ తనే ఎంచాడు, గానుగ సున్నం దగ్గరా తనే నిలబడ్డాడు. తీరా కట్టాక అందులో ఎవర్నీ ఉండనివ్వలేదు. మనుషులుంటే గోడలు మాస్తాయట. ధాన్యం బస్తాలు వేయించి, రోజూ పొద్దున్నే దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చేవాడు. అలాంటి ఇంటిని నా చదువు కోసం ఇస్తానన్నాడు. నాకు తాతయ్య మెడ పట్టుకుని వేలాడాలనిపించింది, వేలాడాను కూడా.

ఎండలు ముదిరాక, కట్టడాలు తనిఖీ చేసే బోర్డు ఓవర్సీరుగారు ఇల్లు చూడటానికి సైకిలు మీద వచ్చారు. సన్నగా, మర్యాదగా ఉండే కుర్రాయన, నెత్తిన పెద్ద టోపీ. పైకప్పు చూశారు, దూలాలు చూశారు, తలుపులు తీసి వేసి చూశారు. తాతయ్య వెనకాలే తిరుగుతూ ఒక్కో ఇటుక చరిత్ర చెబుతున్నాడు. అంతా బాగానే ఉంది. చివర్న ఆయన పెరటివైపు గోడ దగ్గర ఆగి, "ఈ పిడకలు కొంచెం తీయిస్తారా అండీ?" అన్నారు.

ఆ పిడకలు కొట్టింది మా అమ్మ. కొత్తింటి గోడకి పిడకలు కొట్టిన సంగతి అప్పటిదాకా తాతయ్య చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. వాటిని ఊడదీస్తే కింద పగులు కనిపించింది. నేల దగ్గర మొదలై కిటికీ దాకా పాకింది. ఓవర్సీరుగారు గొంతుక్కూర్చుని అక్కడి మన్ను గీకారు. పగులు మన్ను కింద పునాదిలోకి కూడా దిగింది. నేను వెళ్ళి చిటికెన వేలు పెట్టి చూశాను. సగం వేలు లోపలికి పోయింది.

"పునాదే విచ్చిందండీ" అన్నారాయన. "మీది నల్లరేగడి కదండీ. ఎండలకి కుంచించుకుపోద్ది, వానలకి ఉబ్బుద్ది. పునాది ఇంకా లోతుకి తియ్యాల్సిందండి."

"ఇప్పుడేం చెయ్యాలి?" అన్నాడు తాతయ్య.

"కింద తవ్వి సిమెంటుతో కట్టుకురావాలండి. సిమెంటేమో యుద్ధం వల్ల కంట్రోలు. మీకు కాదు, మాకే దొరకట్లేదు. ఇలా ఉంటే మాత్రం ఇందులో పిల్లల్ని కూర్చోబెట్టమని నేను రాయలేనండి. బడులు తెరిచే ముందు ఇంకోసారి వస్తాను. అప్పటికీ ఇంతే ఉంటే, ఇక ఏమీ అనుకోకండి."

ఆయన సైకిలు మలుపు తిరగ్గానే తాతయ్య గొంతు లేచింది. "పగులు నా గోడకి లేదు, ఆయన కళ్ళకుంది! రేపే మేస్త్రీని పిలిపిస్తా. సున్నం కూరి, పైన వెల్ల వేయించేస్తా. ఎవడు కనిపెడతాడో చూస్తా!" అని వీధి అంతా వినపడేలా అరిచాడు. నేను అరుగు మీద కూర్చుని ఏడుపు మొదలుపెట్టాను. ఇల్లు పడిపోతుందని కాదు. మూడోసారి అదే పుస్తకం, అదే బల్ల, పక్కన నాకంటే పొట్టి పిల్లలు. అది తల్చుకుంటే ఏడుపు ఆగలేదు.

అప్పుడు నాయనమ్మ బయటికొచ్చింది. నాయనమ్మ ఎప్పుడూ అరవదు. ఆవిడ గొంతు తగ్గిస్తే ఇంటిల్లిపాదీ చెవులు రిక్కించేవాళ్ళం.

"మన చేను నెర్రెలిస్తే ఏం చేస్తారు? సున్నం కొడతారా, నీళ్ళు పెడతారా?"

"చేనూ గోడా ఒకటేనటే?"

"కింద మన్ను ఒకటేగా. ఇప్పుడు సున్నం కూరేస్తే రేపు వానలకి మన్ను ఉబ్బినప్పుడు ఎటు పోద్ది? గోడ బద్దలవుద్ది. పైగా ఆ అబ్బాయి కళ్ళు కప్పి లోపల పిల్లల్ని కూర్చోబెడతారా?"

తాతయ్య, "నీళ్ళేవి? వేసవికి కాలువ కట్టేశారు. బావి అడుగంటింది, చెరువులో గేదెలు దిగే బురదనీళ్ళే మిగిలాయి. ఉన్న కాసిని నీళ్ళూ గోడకి పోస్తానంటే నేనొప్పుకోను" అన్నాడు.

"వేరే నీళ్ళెందుకు? ఎటూ ఒంటిమీద పోసుకునే నీళ్ళేగా. అక్కడ నిలబడి పోసుకోండి."

"ఆ గోడ పక్కన నిలబడి నేను చచ్చినా స్నానం చెయ్యను. ఊరు నవ్వుద్ది" అని తాతయ్య ఒట్టు పెట్టుకున్నాడు.

ఊరు నిజంగానే నవ్వింది. నవ్వుతూనే వచ్చింది కూడా, ఎందుకంటే ఫస్టు ఫారం కావాలనుకున్న ఆడపిల్లలు ప్రతి వీధిలోనూ ఉన్నారు. నాయనమ్మ గోడ పొడుగునా రాళ్ళు వేయించి, ఆడవాళ్ళకి ఒకవైపు తడికలు కట్టించింది. స్నానాలు అక్కడే, బట్టలుతకడం అక్కడే, అంట్లు తోమడం అక్కడే. బియ్యం కడిగిన నీళ్ళు గోడకా, గేదె కుడితిలోకా అని అమ్మకీ నాయనమ్మకీ రోజూ వాదన జరిగేది. అందులో మాత్రం గేదే గెలిచింది. ఇంటికి ఏ చుట్టం వచ్చినా నాయనమ్మ గుమ్మం ముందు కాళ్ళు కడుక్కోనిచ్చేది కాదు. చెంబు చేతికిచ్చి, "ఇటు రండి, ఇక్కడ కడుక్కోండి" అని గోడ దగ్గరికి నడిపించేది. మా మేనమామ ఒకసారి కడుక్కుని వస్తే, చెంబులో ఇంకా నీళ్ళున్నాయని మళ్ళీ పంపించింది.

నేను రోజూ వేలు పెట్టి చూసేదాన్ని. సగం వేలు పోయేది కాస్తా గోరు మాత్రమే పట్టేలా అయింది. తర్వాత గోరూ పట్టలేదు, చీపురుపుల్ల పెట్టాల్సి వచ్చింది. నా సంతోషానికి పట్టపగ్గాలు లేవు. ఇంగ్లీషులో నా పేరు రాస్తే ఎలా ఉంటుందోనని నేల మీద ఏవో వంకర గీతలు గీసేదాన్ని.

అంతలో వీధివైపు గోడకి కొత్త పగులు కనిపించింది. సన్నగా, దారంలా. అటువైపు ఎవరూ స్నానం చెయ్యరు కదా, మగవాళ్ళకి కూడా వీధిలో నిలబడటం సిగ్గే. పెరటివైపు తడిసి ఉబ్బుతుంటే వీధివైపు ఎండి కుంచించుకుపోతోంది. పరుగెత్తుకెళ్ళి నాయనమ్మకి చెప్పాను. ఆవిడ వచ్చి చూసి, చేతిలో చెంబు కింద పెట్టేసింది. తాతయ్య కూడా చూశాడు. "నేను చెప్పలా?" అంటాడనుకున్నాను. అనలేదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం చెరువు దగ్గర్నుంచి కావడి భుజాన పెట్టుకుని తాతయ్యే వచ్చాడు. వెనక పాలేరు గేదెల్ని తోలుకొచ్చాడు. వాటిని వీధివైపు గోడ పొడుగునా కట్టేయించి, గడ్డితో రుద్ది రుద్ది కడగటం మొదలుపెట్టాడు. దారిన పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు.

"చూస్తారేంటి? గేదెల్ని కడుక్కుంటున్నా. నేనేం స్నానం చెయ్యట్లేదు" అన్నాడు తాతయ్య.

అప్పట్నుంచి మా గేదెలు చెరువులో దిగడం మానేశాయి. చెరువే వాటి దగ్గరికి వచ్చేది, తాతయ్య భుజం మీద. భుజం కమిలితే నాయనమ్మ నూనె రాసేది. కొన్నాళ్ళకి వీధివైపు పగులు కూడా మూసుకుంది.

బడులు తెరిచే ముందు, మాటిచ్చినట్టే ఓవర్సీరుగారు వచ్చారు. మొహం నిండా దుమ్ము. నాయనమ్మ అలవాటు కొద్దీ చెంబు చేతికిచ్చి, "ఇటు రా నాయనా, ఇక్కడ కాళ్ళు కడుక్కో" అంది. ఆయన కడుక్కుని చుట్టూ చూశారు. అంట్ల నీళ్ళతో పడిన గింజలు మొలిచి గోడ పొడుగునా తోటకూర, దానిమీదుగా దోసపాదు. చుట్టుపక్కల నేలంతా బీటలు వారి ఉంటే అక్కడ మాత్రం పచ్చగా ఉంది.

"ఆ పగులు ఎక్కడండీ?" అన్నారు.

"నువ్విప్పుడు నీళ్ళు పోసింది దాని మీదే" అంది నాయనమ్మ.

ఆయన పాదు పక్కకి తప్పించి, గోడని గీకి చూశారు. సున్నం కూరలేదు. గోరు పెట్టి చూశారు, పట్టలేదు. గోడ ఒరిగిందేమోనని దారానికి గుండు కట్టి పక్కన వేలాడదీసి చూశారు. ఇంటి చుట్టూ తిరిగి గేదెల దగ్గర కాసేపు ఆగారు. నేను ఆయన వెనకాలే, ఆయన అడుగులో అడుగు వేస్తున్నాను.

"తడిపి మూశారన్నమాట. చుట్టూ సమంగా తడిపారు, బాగానే ఉందండి" అన్నారు. తర్వాత తల అడ్డంగా ఊపారు. "కానీ ఇది ఆరితే మళ్ళీ విచ్చుకుంటుందండీ. వచ్చే ఎండాకాలం సంగతేంటి?"

ఆయన అడిగింది న్యాయమైన మాట. ఇక నాకు మూడోసారి కూడా ఐదే అనుకున్నాను.

"ఎండాకాలం బడెక్కడ ఉంటది నాయనా?" అంది నాయనమ్మ. "సెలవులుగా."

ఓవర్సీరుగారు ఆవిడ వంక చూశారు. టోపీ తీశారు. తర్వాత నవ్వడం మొదలుపెట్టి చాలాసేపు ఆపలేదు.

"సరేనండి, రాస్తాను" అన్నారు చివరికి. "ఏటా వేసవిలో ఇలాగే తడపాలి. సెలవులయ్యాక నేనొచ్చి చూసి సరేనంటేనే తలుపు తియ్యాలి. వెనక గోడకి ఆనింపుగా రెండు దిమ్మలు కట్టించండి."

"నాలుగు కట్టిస్తా!" అన్నాడు తాతయ్య.

బడి తెరిచిన రోజు బస్తాలు ఖాళీ చేసిన గదిలో చాపల మీద కూర్చున్నాం. ఇంకా ధాన్యం వాసన పోలేదు. గుణదల నుంచి వచ్చిన పంతులమ్మగారు నల్లబల్ల మీద ఇంగ్లీషు అక్షరం రాసి పలికించారు. మేం పలికాం. కిటికీ అవతల దభదభా నీళ్ళ చప్పుడు. తొలకరి ఇంకా పడలేదు.

"ఎవరది?" అన్నారావిడ.

నేను లేచి కిటికీలోంచి తొంగి చూశాను. గేదెలు లేవు. గోచీ బిగించి, వీధివైపు గోడ పక్కన ఊరందరి ఎదుటా తాతయ్యే నెత్తిన నీళ్ళు గుమ్మరించుకుంటున్నాడు.

"మా తాతయ్యండీ. పునాది తడుపుతున్నాడు."

అందరూ నవ్వారు. పాఠం సాగదనుకుని పంతులమ్మగారు కిటికీ మూయబోయారు.

"మూయకమ్మా!" అని బయటినుంచి కేక వినపడింది. "కాస్త గట్టిగా చెప్పించు. ఇక్కడికి సరిగా వినపడట్లా."

ఆవిడ రెక్క వదిలేసి, మళ్ళీ మొదటి అక్షరం దగ్గర్నుంచి గట్టిగా చెప్పించారు. మాతోపాటు బయటినుంచి తాతయ్య కూడా పలికాడు.