పెంకులకు ఓటు లేదు

నా చిన్నప్పుడు మా ఊళ్లో శాసనసభను లోపలి నుంచి చూసినవాడు ఒక్క మా తాతయ్యే. బూర్గంపాడు దాటి అడవిలోకి తిరిగే దారిలో ఉంటుంది మా ఊరు. అక్కడి నుంచి ఎమ్మెల్యే అయినవాళ్లు ఎవరూ లేరు. తాతయ్య మాత్రం హైదరాబాదులో ఆ సభ తలుపు దగ్గర ముప్పై ఏళ్లు నిలబడ్డాడు. సభ్యుడు వస్తే తలుపు తీయడం, సభ్యుడు కానివాడు వస్తే చేయి అడ్డం పెట్టడం ఆయన ఉద్యోగం. రిటైరై వచ్చాక ఊరంతా ఆయన్ను 'అసెంబ్లీ తాత' అని గౌరవంగానే పిలిచేది. ఆయన అటు తిరగగానే, 'దర్వాజకాడ నిలబడ్డోడు కూడా మంత్రేనాయె' అని ఇటు నవ్వేది.

మధ్యాహ్నం ఎండకు ఎటూ పోలేక మేం పిల్లలం ఆయన మంచం చుట్టూ చేరేవాళ్లం. మిగతా తాతలు రాజుల కథలు చెబితే మా తాతయ్య బిల్లు చట్టమయ్యే కథ చెప్పేవాడు. మంత్రి బిల్లు పెడతాడు, సభ్యులు మాట్లాడతారు, ఒక్కో క్లాజూ చదువుతారు, చివరికి స్పీకరు అడుగుతాడు: ఒప్పుకునేవాళ్లు 'అవును' అనండి, ఒప్పుకోనివాళ్లు 'కాదు' అనండి. ఏ చప్పుడు పెద్దగా వినిపిస్తే ఆ పక్షం గెలిచినట్టు స్పీకరు ప్రకటిస్తాడు. అంతే, చట్టం అయిపోయింది. ఇది మొదటిసారి విన్నప్పుడు నేను నివ్వెరపోయాను. మా ఇంట్లో చారెడు బియ్యానికి కూడా కొలత ఉండేది. అందరి బతుకులనూ కట్టేసే చట్టానికి చెవే కొలతా?

ఆ మాట అడిగితే తాతయ్య సంబరపడ్డాడు. అందుకే ఇంకో దారి పెట్టారని చెప్పాడు. ఆ చప్పుడు మీద నమ్మకం లేని సభ్యుడు లేచి, నేను ఒప్పుకోను, లెక్కపెట్టండి అనవచ్చు. అప్పుడు భవనమంతా గంట మోగుతుంది. క్యాంటీన్లో చాయ్ తాగుతున్నవాళ్లు, వసారాల్లో ముచ్చట్లు పెట్టుకున్నవాళ్లు లేచి పరుగున రావాలి. గంట ఆగగానే తాతయ్య తలుపు మూసేవాడు. ఆ తర్వాత ఎంతటివాడు వచ్చినా బయటే. ఒకసారి ఒక మంత్రి రొప్పుతూ వస్తే ఆయనకు కూడా చేయి అడ్డం పెట్టాడట. 'తిట్టిండు గని నేను తలుపు తియ్యలే' అనేవాడు. లోపల తలలు లెక్కపెడతారు. ఎవరు ఎటువైపో పేరుతో సహా రాసిపెడతారు.

మాకు మాత్రం ఇందులో గంటా తలుపూ రుచించలేదు, అరుపే నచ్చింది. అసెంబ్లీ ఆట ఆడుకునేవాళ్లం. అందులో ఎప్పుడూ నాదే గెలుపు. నా అంత గొంతు మా వాడలో ఇంకో పిల్లకు లేదు.

ఆ ఎండాకాలం ఒక్కపూటలో మా ఊరిపెద్ద ఎడ్లు రెండూ కడుపుబ్బి, నురగ కక్కి చచ్చిపోయాయి. వారం తిరగకుండా నలుగురు పిల్లలు చలిజ్వరంతో పడిపోయారు. అందులో మా తమ్ముడు ఒకడు. ఏటి అవతలి నుంచి, దేవుడు పూని గద్దె చెప్పేవాణ్ణి పిలిపించారు. వాడు పసుపు బియ్యం చల్లి, కళ్లు తేలేసి, 'ఆకులు కట్టే చెయ్యి' అన్నాడు. ఎండాకాలంలో మా ఊళ్లో బీడీల కోసం తునికాకు కట్టని చేయి ఒక్కటీ ఉండదు. అయినా ఊరి వేలు ఒక్క మనిషి మీదికే పోయింది. మేం ఆమెను 'ఆకుల అత్త' అనేవాళ్లం. మొగుడు లేడు, పిల్లలు లేరు, ఊరి చివర ఒక్కతే ఉండేది. తెల్లవారకముందే ఒంటరిగా అడవికి పోయేది, అందరికంటే ముందు కట్టలు కట్టేది. వచ్చేటప్పుడు ఒడిలో తునికిపండ్లు తెచ్చి నాకు పెట్టేది. తోడులేని ఆడది భయం లేకుండా అడవికి పోతే ఆమెకు చేతబడి వచ్చి ఉండాలి! ఊరి తర్కం అక్కడితో ముగిసింది. పొద్దుగూకేలోపు ఆమెను ఊరు దాటించాలా వద్దా తేల్చడానికి బడిలో కూడారు.

మాది పెంకుటి బడి. ఒకటే గది, ఒకటే తలుపు, వెనక ఒక కిటికీ. ఊరిపెద్ద కుర్చీలో, మగవాళ్లు నేల మీద. ఆడవాళ్లలో ఇద్దరు ముగ్గురు అరుగు మీద కూర్చున్నారు, మిగతా అందరూ ఆకుల కల్లం దగ్గర పనిలో ఉన్నారు. ఆకుల అత్త కూడా అరుగు మీదే, మంచినీళ్ల కుండ పక్కన కూర్చుని ఉంది. ఆమె మూట అప్పటికే కట్టి ఉంది. పిల్లలం మగవాళ్ల వెనక నిలబడ్డాం. గద్దెవాడి వెంట వచ్చిన నలుగురు మా వెనకే చేరారు. అందులో ఒకడు వంగి మాతో, 'పిల్లల నోటనే దేవుడు పలుకుతడు, గట్టిగ అనుండ్రి' అన్నాడు.

ఊరిపెద్ద అడిగాడు. "ఆమెను ఊరు దాటిద్దామా? ఏమంటరు?"

"అవ్!" అని అరిచాను. నాతోపాటు గది అంతా అరిచింది. వాసాల మీది పావురాలు లేచిపోయాయి, పెంకుల సందుల్లోంచి మన్ను రాలింది. ఆటలో గెలిచినప్పటిలాగే మెప్పు కోసం తాతయ్య వైపు చూశాను. ఆయన నన్నే చూస్తున్నాడు. మనవరాలిని చూసే చూపు కాదది.

తాతయ్య లేచాడు. "నేను ఒప్పుకోను. లెక్కపెట్టాలె."

"ఇంకేం లెక్క మామా? పెంకులు లేచిపోయేటట్టు అనిరి గద" అన్నాడు ఊరిపెద్ద.

"లేచినయ్, నేను గూడ చూసిన. పెంకులకు ఓటు లేదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. గద్దెవాడి మనిషి ఒకడు, "గిది నీ అసెంబ్లీ అనుకుంటున్నవా ముసలోడా?" అన్నాడు. తాతయ్య అతని దగ్గరికి నడిచాడు. "అసెంబ్లీల గూడ గిసొంటి తీర్పు చెయ్యరు. నీ పేరు ఏ ఊరి ఓటరు లిస్టుల ఉంది?" అతను ఏటి అవతలి ఊరి పేరు చెప్పాడు. "అయితే అవతలనే ఉండు" అని రెక్క పట్టి తలుపు దాటించాడు. గద్దెవాడు, మిగతా ముగ్గురు కూడా బయటికి నడిచారు. ముప్పై ఏళ్లు అదే పని చేసిన చేయి అది. దాన్ని తోసేసే దమ్ము ఎవరికీ లేకపోయింది.

తర్వాత మా వంతు. మనవరాలిని కదా, నన్ను ఉంచుతాడనుకున్నాను. నా భుజం పట్టుకుని, "నువ్వు గూడ" అన్నాడు. పిల్లలందరినీ బయట, వెనక కిటికీ దగ్గర నిలబెట్టి రెక్క తెరిచాడు. "గిది మీ గ్యాలరీ. చూడుండ్రి. నోరు ఇప్పితే కిటికీ మూస్త."

ఇంక ఆయన బడిగంట దగ్గరికి పోయాడు. గంటంటే వేలాడదీసిన రైలుపట్టా ముక్క. దాన్ని కొడుతూనే ఉన్నాడు. కల్లం నుంచి ఆడవాళ్లు ఏం కొంప మునిగిందోనని ఉరికొచ్చారు, చేతులకు ఆకు పసరుతో, కొంగులు నడుముకు చుట్టి. 'లోపటికి మేమెందుకు?' అని ఒకామె అంటే, "ఓటరు లిస్టుల నీ పేరు లేదా? నీ ఓటు నీ మొగడు ఏస్తడా?" అన్నాడు తాతయ్య. "పోయినసారి ఆయన చెప్పినకాడనే ఏసిన పెదనాయనా!" అందామె. ఆ వేళప్పుడు కూడా అందరికీ నవ్వొచ్చింది.

ఆకుల అత్త మూట ఎత్తుకుని అడవి దారి పట్టబోయింది. ఆ గంట తనను సాగనంపడానికే మోగుతోందనుకుంది పాపం. తాతయ్య గంట ఆపి కేకేశాడు. "ఎటు పోతవు బిడ్డా? నీ పేరు గూడ లిస్టుల ఉంది. లోపటికి రా."

తలుపు మూశాడు. లోపల గడియ పెట్టాడు. కిటికీలోంచి నా చేతిలోని కొత్త నోటుబుక్కు తీసుకుని ఊరిపెద్ద ముందు నేల మీద కూర్చున్నాడు. "ఒక్కొక్కరు లేసి పేరు చెప్పుండ్రి. అవ్ అంటరో కాదంటరో చెప్పుండ్రి. రాస్త. రాసింది చింపను."

ఇందాక పెంకులు కదిలించినవాళ్లు ఒకరి వెనక ఒకరు జరిగారు.

ఊరిపెద్ద మొదట పేరు చెప్పి, అవ్ అన్నాడు. దూడలప్పటి నుంచి సాకిన ఎడ్లు అవి. ఆయన తమ్ముడూ అవ్ అన్నాడు. మూడోవాడు ఇందాక రెండు చేతులూ ఎత్తి అరిచినవాడు. "నా పేరెందుకు పెదనాయనా, నేను ఊకె అన్న" అని నసిగాడు. "ఊకె అన్నది గూడ రాస్త" అన్నాడు తాతయ్య. వాడు కాళ్లు చూసుకుంటూ కాదు అన్నాడు. ఆ తర్వాత కాదు, కాదు, అవ్, కాదు. అప్పుడు మా నాయన లేచాడు.

తమ్ముడికి జ్వరం వచ్చి నాలుగు రోజులైంది. నాయన ఆ నాలుగు రోజులూ నిద్రపోలేదు. ఇందాక అరుపుల్లో ఆయన నోరు మెదపకపోవడం నేను చూశాను. అందుకే కాదంటాడనుకున్నాను. పేరు చెప్పాడు. తల దించుకుని, అవ్ అన్నాడు. నేను కిటికీ ఊచ గట్టిగా పట్టుకున్నాను. నోరు ఇప్పకూడదని గుర్తుండి ఏడుపు మింగాను. తాతయ్య కలం మాత్రం ఆగలేదు. మిగతావాళ్ల పేర్లు రాసిన గుండ్రటి అక్షరాలతోనే కొడుకు పేరూ రాశాడు.

వెనకే ఉన్న అమ్మ లేచింది. "కాదు. పిల్లగానికి జ్వరమొస్తే దవాఖానకు తీస్కపోవాలె గని..." అంటుంటే తాతయ్య తల ఎత్తకుండానే, "మాట్లాడే టైము అయిపోయింది బిడ్డా, ఒక్క మాట చాలు" అన్నాడు. అందరి తర్వాత ఆకుల అత్త లేచింది. ఆమెకు ఒక పేరు ఉందని నాకు ఆ రోజే తెలిసింది. మెల్లగా ఆ పేరు చెప్పి, కాదు అంది.

తాతయ్య రెండుసార్లు లెక్కపెట్టి చదివాడు. అవ్ అన్నవాళ్లు పదకొండు. కాదన్నవాళ్లు ఇరవై ఆరు. గడియ తీశాడు. ఆకుల అత్త మూట పట్టుకుని ఇంటికి పోయింది.

పదకొండు! పావురాలను లేపిన ఆ గర్జన పదకొండు మందిదా? మిగతాదంతా ఎవరిది? పేరు అడగ్గానే మాయమైన నోళ్లది, ఏటి అవతలివాళ్లది, మాది. నాది.

రెండు రోజులకు బూర్గంపాడు నుంచి పశువుల కంపౌండరు వచ్చాడు. ఊరిపెద్ద చేను చూసి, కోసిన జొన్న మోళ్లకు వచ్చిన లేత పిలకలు చూపించాడు. నీళ్లు లేక వాడిన ఆ పిలకల్లో విషం ఉంటుంది, ఎద్దు కడుపునిండా మేస్తే బతకదు. తమ్ముణ్ణి దవాఖానకు తీసుకుపోతే మలేరియా అన్నారు, మాత్రలతో లేచి కూర్చున్నాడు. నేను జీవితమంతా మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా సభల్లో వాదించాను, సైన్సు మన చేతిలో ఉంటే చాలని కుర్రతనంలో నమ్మాను. కాని ఆ రోజు సైన్సు రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. ముందు వచ్చి ఆమెను నిలబెట్టింది ఒక తలుపు, ఒక గంట, ఒక నోటుబుక్కు.

వారం తర్వాత ఆకుల అత్త నన్ను పిలిచి ఎప్పటిలాగే ఒడిలోంచి తునికిపండ్లు తీసి పెట్టింది. నేను తినడం మొదలుపెట్టాక నా తల నిమిరింది. "నీ గొంతు మంచిగుంటది బిడ్డా. ఆనాడు అరుగు మీదికి అందరికంటె ముందుగాల నీదే ఇనొచ్చింది" అంది. కోపంగా అనలేదు, ఎత్తిపొడుపుగానూ అనలేదు. నోట్లో పండు అలాగే ఉండిపోయింది. ఇన్నేళ్ల తర్వాత కూడా అది ఇంకా నా గొంతు దిగలేదు.

ఇప్పుడు శాసనసభ నా చేతిలోని ఫోన్లోనే కనిపిస్తుంది. గొడవ మధ్య ఒక బిల్లు వస్తుంది. స్పీకరు రెండు వాక్యాలు చదువుతారు. అవును అని ఒక చప్పుడు, కాదు అని ఇంకో చప్పుడు, బిల్లు ఆమోదం పొందిందని ప్రకటన. అన్నం కలుపుకునేలోపు అయిపోతుంది. అది తప్పు పద్ధతి అనను, అందరూ ఒప్పుకున్నదానికి తలలు లెక్కపెడుతూ కూర్చుంటే సభ నడవదు. కాని ఒకరి బతుకు తేలే చోట కూడా లేచి 'లెక్కపెట్టండి' అనే నోరు లేకపోతే నాకు భయం వేస్తుంది. ఆ చప్పుడులో ఎవరి గొంతు ఉంది? రేపు అడిగితే ఎవరు తమదని ఒప్పుకుంటారు? పేరు రాయని అరుపుకు సిగ్గు ఉండదు.

తాతయ్య పోయే ముందు నాయన ఒకసారి ఆ కాగితం చింపేయమని అడిగాడు. 'సభ రికార్డు చింపరు బిడ్డా' అన్నాడు తాతయ్య. నాయన మళ్లీ అడగలేదు. ఆ తర్వాత బతికినన్నాళ్లు వానాకాలం ముందు ఆకుల అత్త గుడిసె కప్పు ఆయనే కప్పాడు. ఆ నోటుబుక్కు ఇప్పుడు నా దగ్గర ఉంది. అప్పుడప్పుడు తీసి చూస్తాను. ఎడమవైపు పదకొండు పేర్లు, కుడివైపు ఇరవై ఆరు. నాయన చేసిన తప్పు నాయన పేరుతోనే ఉంది, ఆయన దాన్ని మోశాడు. నా పేరు ఏ వైపూ లేదు. సభ్యురాలిని కాను కాబట్టి నా అరుపు ఎక్కడా రాయలేదు.

అందుకే ఈ నాలుగు ముక్కలు రాసి కింద నా పేరు పెడుతున్నాను. ఆకుల అత్తను ఊరు దాటిద్దామా అని అడిగిన రోజు, అవ్ అని అరిచినవాళ్లలో నేనూ ఉన్నాను.