పరీక్షకొచ్చిన నోరు

మిగతా చదువుల్లో పిల్లలు పెన్ను పట్టుకుని వస్తే పరీక్ష రాయొచ్చు. మా దంతవైద్య కాలేజీలో మాత్రం ఒక మనిషిని వెంటబెట్టుకుని రావాలి. ఆ మనిషి నోట్లో రోగం ఉండాలి, అది కూడా పరీక్షకి పనికొచ్చే రోగం అయి ఉండాలి. చిగుళ్ళ విభాగానికైతే పళ్ళ నిండా గార పేరుకుని ఉండాలి, చిగుళ్ళు వాచి ఉండాలి. అన్నింటికంటే ముఖ్యం, పొద్దున్నే చెప్పిన వేళకి ఆ మనిషి దిగాలి. పరీక్షల నెల వచ్చిందంటే మా ఫైనలియర్ పిల్లలు బరంపురం అంతా గాలిస్తారు. ఆటో డ్రైవర్ నవ్వితే అద్దంలో అతని పళ్ళు చూస్తారు. టిఫిన్ బండి దగ్గర వాళ్ళ చూపు ప్లేటు మీద ఉండదు, వడ్డించేవాడి చిగుళ్ళ మీద ఉంటుంది. మేముండే లంజిపల్లిలో మా ఎదురింటాయనకి మంచి గార ఉందని ఒకసారి నేనే ఒక పిల్లకి చెప్పాను. ఆ సంగతి ఆయన చెవిన పడి నాతో చాన్నాళ్ళు మాట్లాడలేదు.

నేను ఆ చిగుళ్ళ విభాగంలోనే ఏళ్ళ తరబడి పాఠాలు చెబుతున్నాను. నాకు ముక్కు మీద కోపమని కాలేజీలో అందరికీ తెలుసు. పరికరం సరిగ్గా పట్టుకోకపోతే వేళ్ళ మీద కొడతానని ఒక పుకారు కూడా ఉంది. కొట్టను, తిడతాను. అయితే మెచ్చుకోదగ్గది కనబడితే దాచుకునే రకాన్ని కాదు. ఇప్పుడు రాస్తున్నది అలా నేను మెచ్చుకున్న ఒక పిల్ల గురించి.

ఆ పిల్లది సోనేపూర్. సముద్రం మీదకి పోయే కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, మా దగ్గర ఇంగ్లీషు. అమ్మానాన్నలు కేరళ వైపు చేపల పనికి పోయి ఎప్పుడో గాని ఇంటికి రారు. అందుకని మేనత్తే పెంచింది. మేనత్త ఎండుచేపలు అమ్ముతుంది. ఆ ఇంట్లో పది దాటి చదివినది ఈ పిల్ల ఒక్కతే.

నేను ఆ పిల్లని మొదట గమనించింది క్లాసులో కాదు, వాళ్ళ ఊళ్ళోనే. గుడాకు వాడే ఆడవాళ్ళ చిగుళ్ళు ఎలా ఉంటాయన్నది అప్పట్లో నా పరిశోధన. గుడాకు అంటే పొగాకూ బెల్లప్పాకమూ కలిపి నూరిన నల్లటి ముద్ద, చిన్న డబ్బాలో వస్తుంది. మా గంజాం జిల్లా ఆడవాళ్ళు చాలామంది పొద్దున లేవగానే వేలితో తీసి పళ్ళకీ చిగుళ్ళకీ రుద్దుకుంటారు. పళ్ళు గట్టిపడతాయని వాళ్ళ నమ్మకం. రుద్దుకున్న కాసేపటికి తల తేలికపడి ఒళ్ళు హుషారెక్కుతుంది, అసలు సంగతి అదీ. సోనేపూర్లో చేపలు ఎండబెట్టే చోట ఆడవాళ్ళని వరసగా కూర్చోబెట్టి, "మీరు గుడాకు వాడతారా?" అని అడిగాను. అందరూ తల అడ్డంగా ఊపారు. ఒకావిడ పెదవి చివర ఇంకా నల్లగా ఉంది, ఆవిడా ఊపింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

అప్పుడు మూడో ఏడు చదువుతున్న ఈ పిల్ల, మా వెంట సాయానికి వచ్చినది, వెళ్ళి వాళ్ళ మధ్యన ఇసకలో చతికిలబడింది. "పొద్దున్న లెగిసినాక ఏటి ఏసుకుంటే పనిమీదకి మనసెల్తాదత్తా?" అని అడిగింది. అందరూ గొల్లున నవ్వారు. "ఏటుంటాదే గుంటా, గుడాకే! అది నేకపోతే సెయ్యాడదు" అంది ఆ నల్లపెదవి ఆవిడ, బొడ్లోంచి డబ్బా తీసి చూపిస్తూ. ఒక్కొక్కరూ డబ్బాలు బయటికి తీశారు. పరిశోధనలో ప్రశ్నలెలా అడగాలో నేను పెద్ద క్లాసులకి పాఠం చెబుతాను. ఆ ప్రశ్న లాంటిది నాకు ఎన్నడూ తట్టలేదు. తిరుగుదారిలో జీపులో ఆ మాట ఆ పిల్లతోనే అన్నాను. నమ్మలేక నా వంక బిత్తరపోయి చూసింది.

ఆ ఆడవాళ్ళ నోళ్ళలో మాకు కనబడినది చెబితేగాని తరవాత జరిగినది అర్థం కాదు. వాళ్ళ చిగుళ్ళు పైకి పాలిపోయి గట్టిగా ఉండేవి. రక్తం రాదు, వాపు కనబడదు. కానీ పంటికీ చిగురుకీ మధ్య లోతు కొలిచే సన్నటి పుల్ల ఉంటుంది, ప్రోబు అంటాం, అది పెడితే లోపలికి దిగిపోయేది. లోపల ఎముక కరిగిపోతూ ఉంటుంది. పొగాకు రక్తనాళాలని ముడుచుకుపోయేలా చేస్తుంది కాబట్టి రక్తం బయటపడదు, మనిషికి రోగం ఉన్నట్టే తెలియదు. పళ్ళు కదలడం మొదలయ్యాక తెలిసి లాభం లేదు. ఆ రోజు నోరు తెరవనిది ఆ పిల్ల మేనత్త ఒక్కతే. "నా నోరు నీకెందుకమ్మా, నీ పని నువ్వు సూసుకో" అని నాతో అనేసి తట్ట నెత్తిన పెట్టుకుని వెళ్ళిపోయింది.

తరవాత ఫైనలియర్ పరీక్షలొచ్చాయి. ఆ పిల్ల కుదుర్చుకున్న పేషెంటు పొద్దున్న ఫోను ఎత్తలేదు. చిగుళ్ళ పరీక్ష పోయింది. తోటివాళ్ళంతా హౌస్ సర్జన్లయిపోయి తెల్లకోట్లలో తిరుగుతుంటే ఈ పిల్ల మళ్ళీ అదే పుస్తకం ముందేసుకుని కూర్చుంది. ఈసారి కూడా తప్పితే ఇంక చదువు చాలించి ఇంటికి రమ్మని కేరళ నుంచి తండ్రి కబురు పెట్టాడు. అది విని మేనత్త, "ఇంకెవల్నీ ఎతక్కు. నానొత్తాను" అందట. ఎన్నడూ ఎవరికీ నోరు చూపించని మనిషి ఆ మాట అందంటే నాకే ఆశ్చర్యం వేసింది. ఇన్నేళ్ళ గుడాకు, ఇన్నేళ్ళ గార. పరీక్షకి అంతకంటే మంచి నోరు గంజాంలో దొరకదని మేమంతా అనుకున్నాం.

పరీక్ష రోజు మేనత్త మొదటి బస్సుకే వచ్చింది. గంజి పెట్టిన చీర, తలకి నూనె, నుదుటిన పెద్ద బొట్టు. బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరూ, ఇక్కడి ఎగ్జామినర్నయిన నేనూ కుర్చీ దగ్గరికి వెళ్ళాం. ఆ పిల్ల దీపం సర్ది, "నోరు తెరువత్తా" అంది.

ఆవిడ తెరిచింది. పళ్ళు తళతళలాడిపోతున్నాయి. గార లేదు, నల్లటి మరక లేదు, పాచి లేదు.

"ఏటత్తా ఇది?"

"నిన్న పెద్దబజారు కాడ పళ్ళ డాక్టరు దగ్గిరికి ఎల్లి సుబ్బరంగా తోమించుకున్నాను" అంది మేనత్త గర్వంగా. "వారం బట్టి గుడాకు కూడా ముట్టనేదు. పెద్దపెద్ద డాక్టర్లు సూత్తారు గదా. పాసి నోరేసుకుని ఎల్తే నీ పరువేటవ్వాల?"

పెళ్ళిచూపులకి ఇల్లు అలికినట్టు నోరు అలికించుకుని వచ్చింది మహాతల్లి. ఆవిడని ఏమని తిట్టను? నాకు తిట్టడం రాక కాదు, అంత ప్రేమని తిట్టడానికి మాట దొరకలేదు. బయటి ఎగ్జామినర్‌కి తెలుగు రాదు, ఆవిడ అన్నది నేను ఒడియాలో చెప్పాను. ఆయన మంచివాడే కానీ నిక్కచ్చి మనిషి. "ఈ నోట్లో నువ్వు చేసి చూపించడానికి ఏముందమ్మా? అరగంట టైమిస్తాను, ఇంకొకర్ని తెచ్చుకో" అన్నాడు. అది న్యాయమే. తలుపు దగ్గర నుంచి హౌస్ సర్జన్ పిల్లలు అప్పటికే సైగలు చేస్తున్నారు. కాలేజీ వాచ్‌మన్‌ని పట్టుకొచ్చారు, అతని కింది పళ్ళకి సిమెంటు పూసినట్టు గార ఉంది. అతన్ని కూర్చోబెట్టి పైపైన గీకినా ఆ పిల్ల కళ్ళు మూసుకుని పాసవుతుంది.

మేనత్తకి మా ఒడియా అర్థమైంది. కుర్చీలోంచి సగం లేచింది. "సుబ్బరంగా ఒత్తే తప్పయిపోనాదా? ఓలమ్మ, నీ పరీచ్చ నానే పాడుసేసినానేటే?" అంది.

"నువ్వు కూకో అత్తా" అంది ఆ పిల్ల. తరవాత ఎగ్జామినర్ వైపు తిరిగి, "సార్, పంపేముందు ఒక్కసారి లోతు కొలవనివ్వండి" అని అడిగింది. ఆయన సరేనన్నాడు.

కింది ముందు పళ్ళ దగ్గర ప్రోబు పెట్టింది. అది దిగింది, ఇంకా దిగింది. చిగురు అంచున ఎర్రగా రక్తం ఉబికింది. మేనత్త దూది మీద ఆ ఎరుపు చూసి చెయ్యి అడ్డం పెట్టేసింది. "సూసినావా! గుడాకు మానేసినకాడి నుంచీ రగతం కారతంది. ఏసుకున్నన్నాల్లూ సుక్క రానేదు. రేపట్నుంచి మల్లీ మొదలెట్టేత్తాను, గుడాకే నయం."

ఈ మాట నేను సోనేపూర్లోనూ విన్నాను, చిలికా ఒడ్డున రంభ అనే ఊళ్ళోనూ విన్నాను. గుడాకు మానేసిన ఆడవాళ్ళని మేము పోగొట్టుకునేది సరిగ్గా ఇక్కడే. చిగురు కోలుకుంటూ రక్తం కారిస్తే, అది చూసి హడిలిపోయి మళ్ళీ డబ్బా తీస్తారు.

ఆ పిల్ల గడియారం చూడలేదు. తన స్టూలు కిందికి దించుకుని మేనత్త మొహానికి ఎదురుగా కూర్చుంది. "అత్తా, నీ సిగుళ్లు ఎప్పట్నుంచో సెడే ఉన్నాయి. ఏడుత్తుంటే గుడాకు ఆటి నోరు నొక్కేసింది. ఇప్పుడు నొక్కడం మానేసినావు, బయిటికి ఏడుత్తున్నాయి. ఏడవనీ. నిన్న ఆ డాక్టరు తోమింది పైనే. పడవకి పైన రంగేత్తే అడుగున సిల్లు పూడుతాదా?"

మేనత్త అడ్డం పెట్టిన చెయ్యి దించింది. "అడుగున సిల్లుందా?" అంది.

"ఉంది. నాను పూడుత్తాను. కూకో."

అని, ఎగ్జామినర్‌తో ఇంగ్లీషులో చెప్పింది, ఇదే నా కేసు, ఇంకొకర్ని తీసుకురాను అని. కంటికి కనబడే గార తీయడం ఎవరైనా చేస్తారు. చిగురు కింద దాక్కున్న గారని చేతి వేళ్ళతోనే పోల్చుకోవాలి. నా దగ్గర పీజీ చేసేవాళ్ళకే అది ఒక పట్టాన పట్టుబడదు. ఎగ్జామినర్ కూడా అదే అన్నాడు. "శుభ్రంగా వచ్చిన పళ్ళు శుభ్రంగా వెళతాయి. నువ్వు చేసింది నాకు కనబడకపోతే మార్కులు వెయ్యలేను." ఆ పిల్ల, "తెలుసు సార్" అంది. తలుపు దగ్గర స్నేహితులు నెత్తి కొట్టుకున్నారు.

మత్తు ఇచ్చింది. పరికరం పంటి వేరు వెంబడి దించి, ఆపి, చిన్నగా పైకి లాగుతోంది. ప్రతి లాగుడికీ మేనత్త కళ్ళలోకి ఒకసారి చూస్తోంది. నేను నేర్పిన పట్టే అది, కానీ నా పట్టు కంటే మెత్తగా ఉంది. కాసేపటికి గాజుగుడ్డ మీద ఆవగింజల్లాంటి నల్లటి పెళ్ళలు ఒక్కొక్కటే పడడం మొదలైంది. ఎగ్జామినర్ వంగాడు. తనే ప్రోబు తీసుకుని ఆ వేరు మీద నెమ్మదిగా నడిపి చూశాడు. ఎక్కడా గరుకు తగల్లేదు కాబోలు, ప్రోబు ట్రేలో పెట్టేశాడు.

"మిగతా పళ్ళ సంగతి?" అని అడిగాడు.

"వచ్చే వారం ఒక వైపు, ఆ పై వారం రెండో వైపు సార్. తరవాత మూడు నెలలకోసారి చూడాలి."

"పరీక్ష అయిపోయాక కూడానా?"

"పరీక్ష నాది సార్. పళ్ళు ఆవిడవి."

నాకు కళ్ళు చెమర్చాయి. నలుగురిలో అలా అవడం నాకు చిరాకు, అయినా చెమర్చాయి. పరీక్ష కోసం తెచ్చిన పేషెంటుని పరీక్షయ్యాక తలుచుకున్న విద్యార్థిని నేను అరుదుగా చూశాను. ఈ పిల్ల తన ఏడాది గాల్లో వేలాడుతున్నప్పుడు కూడా ముందు ఆవిడ పళ్ళనే చూసింది. నేను ఎన్నో సదస్సుల్లో పెద్దవాళ్ళ ప్రసంగాలు విన్నాను, చప్పట్లు కొట్టాను. ఆ ఒక్క మాటకి కొట్టాలనిపించినంతగా ఎక్కడా అనిపించలేదు.

ఆ పూట పరీక్షలు అయ్యాక ఇద్దరం కూర్చుని మార్కులు వేశాం. కంటికి కనబడే గార తీసి చూపించలేదు గనక ఆ మార్కులు ఆయన కోసేశాడు, నేను అడ్డం చెప్పలేదు. మిగతా వాటిలో కోయడానికి ఏమీ లేదన్నాడు. కూడితే అంచు మీద పాస్. ఆయన సంతకం పెట్టి కవరు అంటించేశాడు. ఫలితాలు వచ్చేదాకా ఆ మాట మేము పైకి అనకూడదు.

బయటికి వస్తే మేనత్త వరండాలో బెంచీ మీద ఉంది. ఆ పిల్ల మందులు తేవడానికి వెళ్ళిందట. ఆవిడకి మత్తు ఇంకా దిగలేదు, కింది పెదవి ఒక పక్కకి జారి ఉంది. నన్ను చూసి లేవబోయింది, నేనే పక్కన కూర్చున్నాను.

"గుంట తప్పిపోనాదేటమ్మా, నా మూలాన?"

"ఇంకా తెలీదమ్మా."

"నాను సదువుకోనేదు. సుబ్బరంగా ఒత్తే మంచిదనుకున్నాను." చెంగుతో పెదవి తుడుచుకుంది. "సిన్నప్పుడు దాని గొంతుల సేపముల్లు దిగిపోతే నోట్ల ఏలెట్టి తీసినానమ్మా. కసుక్కుమని కరిసేసింది, ఇదుగో, మచ్చ ఉంది." వేలు చూపించింది, గోరు కింద తెల్లటి గీత. "ఇయాల అది నా నోట్ల ఏలెట్టింది. నొప్పెట్టినా నాను కరవనేదు. దానికేటైనా మార్కులేత్తారేటమ్మా?"

వేస్తామని చెప్పాను. చెప్పి, ఆవిడ మత్తు దిగేదాకా ఆ బెంచీ మీదే కూర్చున్నాను.