మెట్ల కింద కుళాయి

ఇది విన్న కథ కాదు. ఎవరో ఫ్రెండ్ ఫ్రెండ్‌కి జరిగిందీ కాదు. అక్కడ నేనున్నాను. నా రెండు చెవులతో విన్నాను. ఇంకో విషయమైతే మా అమ్మ మీద ఒట్టు అనేవాణ్ణి. కానీ ఇందులో ఒక అమ్మ ఉంది... అందుకని ఆ ఒట్టు వేయబుద్ధి కావడం లేదు. నమ్మితే నమ్మండి, లేకపోతే నవ్వుకోండి. ఇలాంటివి విని నేనూ నవ్వినవాణ్ణే.

వంశీ నా రూమ్మేట్. టెక్సస్‌లోని ప్లేనోలో మూడేళ్ళు ఒకే అపార్ట్‌మెంట్. వాడిది తెనాలి, మాది వరంగల్. వాడి పప్పు నాకు చప్పగా ఉండేది, నా కారం వాడికి కళ్ళనీళ్ళు తెప్పించేది. అంతకు మించి మా మధ్య గొడవల్లేవు. ఒక్కటి మాత్రం ఉండేది. వాడు బయటి నుంచి వస్తే ముందు కాళ్ళు కడుక్కోవాలి. బూట్లు విప్పి, తిన్నగా బాత్‌టబ్‌లోకి ఎక్కి, కుళాయి ఫుల్లుగా తిప్పి, ఒక పాదంతో ఇంకో పాదం మడమ రుద్దుకుంటూ నిలబడేవాడు. ఎంతసేపో. చిన్నప్పుడు వాళ్ళమ్మ నేర్పిన అలవాటట. "ఒరేయ్, టెక్సస్‌లో నీళ్ళన్నీ నీ కాళ్ళకే అయిపోతున్నాయిరా" అని నేను తిట్టేవాణ్ణి.

వాడికి సముద్రం పిచ్చి. కానీ వీసా స్టాంపింగ్ ఎక్స్‌పైర్ అయిపోయింది. దేశం దాటితే మళ్ళీ రానిస్తారో లేదో అని భయం. అప్పట్లో మనలో సగం మంది పరిస్థితి అదే కదా. అందుకని వాడు ప్యూర్టో రికోని కనిపెట్టాడు. కరీబియన్ సముద్రం, కొబ్బరి చెట్లు, మామిడి చెట్లు, చెమట... అన్నీ మనవే, అయినా లెక్కకి అమెరికా. స్టాంపింగ్ అక్కర్లేదు, డ్రైవింగ్ లైసెన్స్ చూపిస్తే చాలు. లాంగ్ వీకెండ్ వచ్చిందంటే వీపుకి బ్యాగ్ తగిలించుకుని పోయేవాడు. ఈ బీచ్ ఊళ్ళో ఒక రాత్రి, ఆ బీచ్ ఊళ్ళో ఒక రాత్రి, బంకు మంచాల చౌక హాస్టళ్ళలో. నన్నూ రమ్మనేవాడు. ఇంటర్‌లో రెండేళ్ళు హాస్టల్ బంకు మీద పడుకున్నది చాలు, డబ్బిచ్చి మరీ మళ్ళీ ఎందుకురా అనేవాణ్ణి.

రెండు వేల పదకొండులో, చలికాలం ఇంకా మొదలవలేదు. ఒక శనివారం క్రికెట్ ఆడుతూ గ్రౌండ్‌లో కూర్చుండిపోయాడు. నీళ్ళు ఇవ్వమన్నాడు. నేను బాటిల్ తెచ్చేసరికి పడుకుని ఉన్నాడు. గుండె అన్నారు డాక్టర్లు. ముప్పై నిండలేదు వాడికి. ఇప్పటికీ ఆ మాట నోటితో అంటుంటే నాకు అబద్ధం చెబుతున్నట్టే ఉంటుంది.

వాడి అమ్మ అప్పటికి నేపర్‌విల్‌లో వాడి అక్క ఇంట్లో ఉన్నారు, పురుడికి వచ్చి. ఒక చేతిలో పది రోజుల మనవరాలు, ఇంకో చేతిలో ఫోన్. ఆ ఫోన్ చేసింది నేనే. దాని గురించి చెప్పలేను, వదిలేయండి.

ప్లేనోలోనే దహనం చేశాం. అస్థికలు సగం వాడి బావ కృష్ణలో కలపడానికి తీసుకెళ్ళాడు. మిగతా సగం ఆంటీ, అంటే వాళ్ళమ్మ, తన దగ్గరే ఉంచుకున్నారు. వాడు సంతోషంగా నవ్విన ఫోటోలన్నీ ఒక్క చోటివే అని ఆవిడ పట్టు. రింకోన్ అని, ప్యూర్టో రికోకి పడమటి కొసన చిన్న ఊరు. అక్కడ కలుపుతాను, వాడు పడుకున్న హాస్టల్‌లోనే ఒక రాత్రి పడుకుంటాను అన్నారు. అక్క పచ్చి బాలింత, రాలేదు. నన్ను తోడు వెళ్ళమని అడిగింది. నేను కాదంటానా?

అలా మొదటిసారి వెళ్ళాను. వంశీ లేకుండా, వాళ్ళమ్మతో.

ఆ హాస్టల్ మీరు చూడాలి. రేకుల కప్పు ఇల్లు. ముందు చెక్క వరండా, నాలుగు మెట్లు. మెట్ల కింద పక్కగా మోకాలి ఎత్తున ఒక కుళాయి, బీచ్ నుంచి వచ్చేవాళ్ళు ఇసుక కాళ్ళు కడుక్కోవడానికి. తిప్పితే కీచుమని అరిచేది. లోపల ఒకటే హాలు, వరసగా బంకులు. అలల మీద ఆడే తెల్ల కుర్రాళ్ళు, వాళ్ళ సర్ఫింగ్ బోర్డులు, తడి తువ్వాళ్ళు. ఆ మధ్యలో నేతచీర కట్టుకుని మోకాళ్ళ నొప్పులతో ఆంటీ. కుర్రాళ్ళు పాపం లేచి నిలబడి కింది బంకు ఇచ్చారు. వరండాలో ఒక ముసలి కుక్క ఉండేది. హాస్టల్ నడిపే ఆవిడకి వంశీ తెలుసు. ఆ కుక్కకి వాడు బిస్కెట్లు పెట్టేవాడని చెప్పి కళ్ళు తుడుచుకుంది. ఆంటీ ఆ కుక్క తల మీద చెయ్యి వేసి చాలాసేపు కూర్చున్నారు.

సాయంత్రం బీచ్‌కి వెళ్ళాం. సూర్యుడు సరిగ్గా సముద్రంలోకే దిగుతున్నాడు. పంతులుగారు ఫోన్‌లో చెప్పినట్టు అస్థికలు కలిపాం. నా చెయ్యి పట్టుకుని ఆవిడ మూడు మునకలు వేశారు. ఏడవలేదు. ఒడ్డుకి వచ్చి, తడి కొంగు పిండుకుని, వెళ్ళడానికి తిరుగుతూ... అలవాటులో అనేశారు.

"చీకటి పడకముందే వచ్చేయ్ నాన్నా."

మన దగ్గర చావు ఇంటికి పలకరింపుకి వెళ్తే, వచ్చేటప్పుడు వెళ్ళొస్తాం అని కూడా అనం కదా. గమ్మున లేచి వచ్చేస్తాం. అలాంటిది అస్థికలు కలిపిన చోట నిలబడి, రమ్మని పిలవడం... కాలవలో ఈత కొట్టే పిల్లాడికి గట్టు మీద నిలబడి సాయంత్రాలు చెప్పిన మాట అది. నోటికి అలా వచ్చేసింది. ఆవిడకీ వెంటనే తెలిసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

హాస్టల్‌కి వచ్చాక ఆవిడ ఒక్కటే అడిగారు. పిలిస్తే వాళ్ళు పైకి వెళ్ళలేక ఇక్కడే తిరుగుతారంటారు, నిజమేనా అని. అవన్నీ పెద్దవాళ్ళు కల్పించినవి ఆంటీ అన్నాను. ధైర్యంగానే అన్నాను.

రాత్రి. నేను పై బంకు, ఆంటీ నా కింద. ఆ దీవిలో చిన్న కప్పలుంటాయి, గోరంత. రాత్రంతా కోకీ... కోకీ... అని అరుస్తాయి. వేలకి వేలు. మొదట తల పగిలిపోతుంది, కాసేపటికి అదే జోలపాట అయిపోతుంది. కుర్రాళ్ళు గురకలు పెడుతున్నారు. ఫ్యాన్ తిరుగుతోంది. నాకు ఎప్పుడు నిద్ర పట్టిందో తెలియదు.

మెలకువ వచ్చింది. ఎందుకు వచ్చిందో కాసేపు అర్థం కాలేదు.

కప్పలు ఆగిపోయాయి.

ఒక్కటీ అరవడం లేదు. ఫ్యాన్ చప్పుడు, దూరంగా అల చప్పుడు... అంతే. అప్పుడు బయట...

కీచు.

కుళాయి తిప్పిన చప్పుడు. సిమెంటు మీద నీళ్ళు పడుతున్నాయి. ధారగా కాదు, మధ్యలో ఏదో అడ్డం ఉన్నట్టు, చెదిరి పడుతున్నాయి. తర్వాత రుద్దుతున్న చప్పుడు. పాదంతో పాదం... మెల్లగా... ఆగి... మళ్ళీ. తొందర లేదు. ఎంతసేపో.

మూడేళ్ళు రోజూ విన్నాను ఆ చప్పుడు. గోడ అవతల నుంచి.

కదలలేదు. ఎవరో కుర్రాడు, ఎవరో కుర్రాడు అనుకుంటున్నాను. కింద బంకు కిర్రుమంది. ఆంటీ లేచి కూర్చున్నారు.

"శ్రీకాంత్..." అన్నారు, గొంతు లేకుండా. "కాళ్ళు కడుక్కుంటున్నాడు."

"ఎవరో తాగొచ్చిన పిల్లగాడు అయ్యుంటడు ఆంటీ. మీరు పండుకోండి."

కీచు. కుళాయి కట్టేసిన చప్పుడు.

మెట్టు మీద ఒక అడుగు. తడి కాలు చెక్క మీద పడితే వచ్చే చప్పుడు ఉంటుంది చూడండి, అతుక్కుని ఊడినట్టు... అది. ఇంకో అడుగు. తర్వాత ఇంకో చప్పుడు మొదలైంది. టప్... టప్... టప్... ఏమిటో నాకు తెలియలేదు. తర్వాత తెలిసింది. అది కుక్క తోక. కుక్క వరండా చెక్కల మీద తోక కొడుతోంది. మొరగడం లేదు.

అడుగులు తలుపు ముందుకి వచ్చి ఆగాయి. దోమల జాలీ తలుపు, లోపలి నుంచి కొక్కెం. జాలీ అవతల తాడు మీద తువ్వాళ్ళు ఆరేసి ఉన్నాయి, వాటి వెనక ఏమీ కనబడదు. తలుపు తట్టలేదు. పిలవలేదు. ఎవరో నిలబడ్డారు, అంతే. ఎవరైనా లోపలికి రమ్మంటే వస్తాం అన్నట్టు.

ఆంటీ లేచారు. మోకాళ్ళ నొప్పులతో వరండా మెట్లెక్కడానికి సాయంత్రం నా భుజం పట్టుకున్న మనిషి, చీకట్లో చకచకా తలుపు దగ్గరికి వెళ్ళిపోయారు. నేను పై నుంచి దూకి పరిగెత్తాను. ఆవిడ వేళ్ళు అప్పటికే కొక్కెం మీద ఉన్నాయి. నేను వాటి మీద నా చెయ్యి వేశాను.

నిజం చెప్తాను. ఆపడానికే వేశానో, కలిసి తీయడానికి వేశానో నాకు తెలియదు. భయపడ్డాను, చచ్చేంత భయపడ్డాను. కానీ ఆ భయం కింద ఇంకొకటి ఉంది. తలుపు తీస్తే వాడు కనబడతాడేమో. ఒక్కసారి. ఆ తడి కాళ్ళతో, ఆ వెధవ నవ్వుతో. తీద్దాం అని ఉంది నాకు. నెలన్నరగా ఆవిడ దేవుణ్ణి అడుగుతున్నదీ అదే. ఒక్కసారి చూపించు అని. నాకే అంత ఉంటే ఆవిడకి ఎంత ఉండాలి?

ఆవిడ కొక్కెం తీయలేదు. నుదురు జాలీకి ఆనించారు.

"వచ్చావా నాన్నా..." అన్నారు.

తోక చప్పుడు ఆగింది. అవతల ఊపిరి కూడా వినబడలేదు.

"అమ్మ పొరపాటున పిలిచిందిరా. నోరు జారింది." బడికి పంపే పిల్లాడికి చెప్పినట్టు చెప్పారు. "ఇక్కడ ఆగకు. ఇంకెవరు పిలిచినా ఆగకు. వెళ్ళు తండ్రీ... నువ్వు వెళ్ళు."

ఎంతసేపు అలా నిలబడ్డామో. వెళ్తున్న అడుగులు వినబడతాయేమోనని చెవులు రిక్కించాను. వినబడలేదు. ఎక్కడో ఒక కప్ప అంది, కోకీ అని. దానికి ఇంకొకటి పలికింది. తర్వాత అన్నీ మొదలుపెట్టాయి. ఆంటీ అక్కడే, తలుపు దగ్గర నేల మీద కూర్చుండిపోయారు. అప్పుడు ఏడ్చారు. ప్లేనోలో ఏడవలేదు, సముద్రం దగ్గర ఏడవలేదు. కొంగు నోట్లో కుక్కుకుని, నిద్రపోతున్న పిల్లలు లేవకుండా ఏడ్చారు. నేను పక్కన కూర్చున్నాను. ఆవిడ వీపు నిమురుతూ నేనూ ఏడ్చాను.

తెల్లవారాక కుళాయి దగ్గరికి వెళ్ళి చూశాను. తడిగా ఉంది. కానీ మంచుకి మెట్లూ తడిగానే ఉన్నాయి, బోర్డులూ తడిగానే ఉన్నాయి. కుక్క మామూలుగా పడుకుని ఉంది.

లోపల ఒక బంకు ఖాళీగా కనబడింది. ఉంగరాల జుట్టు కుర్రాడిది. పొద్దెక్కాక ఇసుక దులుపుకుంటూ వచ్చాడు. రాత్రి బాగా తాగానని, బీచ్‌లో చెట్లకి కట్టిన వల ఉయ్యాలలో పడుకున్నానని చెప్పాడు. రాత్రి ఇక్కడికి వచ్చావా, కాళ్ళు కడుక్కున్నావా అని అడిగాను. వాడు బుర్ర గోక్కున్నాడు. వచ్చానేమో అన్నాడు. ఎవరో ఒకావిడ ఏదో భాషలో మాట్లాడినట్టు గుర్తు, అది కల అనుకున్నాను అన్నాడు. అని నవ్వాడు. ఆ నవ్వు చూస్తే అబద్ధమూ అనిపించలేదు, నిజమూ అనిపించలేదు. ఏదడిగినా ఔననే రకంలా ఉన్నాడు.

నేను మాత్రం పట్టరాని సంతోషంతో ఆంటీ దగ్గరికి పరిగెత్తాను. చూశారా, ఆ పిల్లాడే, మనం ఊరికే భయపడ్డాం అన్నాను. ఆవిడ మనసు తేలికపడుతుందని నా తెలివితక్కువతనం. ఆవిడ బ్యాగ్ సర్దుతున్నారు. చీర మడత పెడుతూ ఆగిపోయారు. నా ముఖంలోకి చూశారు.

"అయితే వాడు రాలేదా?" అన్నారు.

నేను ఆ చీర రెండో కొస పట్టుకుని మడత పెట్టించాను.

అదే రోజు తిరుగు ప్రయాణం. ఆవిడని నేపర్‌విల్‌లో దింపి వచ్చేశాను. తర్వాత వీసా ఆరు నెలల గడువు పూర్తయ్యాక తెనాలి వెళ్ళిపోయారు. ఆదివారాలు నేనే ఫోన్ చేస్తాను. కూరలూ, ఎండలూ, మనవరాలి పళ్ళూ అన్నీ మాట్లాడుకుంటాం. అంతా అయ్యాక, పెట్టేసే ముందు, ఒకసారి నా పేరు పెట్టి పిలుస్తారు. నాకు తెలిసిపోతుంది, అడగబోతున్నారని.

"వాడే అయితే... అంత దూరం నుంచి కాళ్ళు కడుక్కుని గుమ్మంలోకి వచ్చిన బిడ్డని నేనే పొమ్మన్నాను. వాడు కాకపోతే, నోరు జారి పిలిచినా వాడు రాలేదు. నువ్వు పక్కనే ఉన్నావుగా. నువ్వు చెప్పు బాబూ, వాడేనా?"

ఒక్కో వారం, వాడే ఆంటీ, మీ మాట విని హాయిగా వెళ్ళిపోయాడు అంటాను. ఇంకో వారం, కాదాంటీ, ఆ తాగుబోతు పిల్లగాడే అంటాను. ఏది చెప్పినా ఆవిడ ఏడుస్తారు. నాకా, ఇప్పటికీ తెలియదు. రేపు ఆదివారం. ఏం చెప్పమంటారు?