మనిషి పట్టేంత ఖాళీ

రెండేళ్ల కిందటి చలికాలం. జగదల్‌పూర్ దగ్గర ఒక రిసార్టులో అతిథుల కోసం సాయంత్రం గిరిజనుల ఆటపాటకు ఏర్పాట్లు చేస్తున్నాను. నేను టూరిస్టు గైడ్‌ని. మా నాన్న శ్రీకాకుళం నుంచి గనిలో పనికి వచ్చి కిరండూల్ కంపెనీ క్వార్టర్స్‌లో స్థిరపడ్డాడు. నేను అక్కడే పుట్టాను. హిందీ, హల్బీ, తెలుగు, కాస్త గోండీ వచ్చు కాబట్టి ఈ పనిలో నెట్టుకొస్తున్నాను.

నెలల తరబడి సముద్రం మీద తిరిగే పెద్ద ఓడలు విశాఖ రేవులో ఆగినప్పుడు ప్రయాణికులను దింపి చుట్టుపక్కల చూపిస్తారు. దాన్ని షోర్ ఎక్స్‌కర్షన్ అంటారు. ఓడ రెండు మూడు రోజులు ఆగితే, ఓపికున్నవాళ్లు ఘాట్ రోడ్డెక్కి మా బస్తర్ దాకా వస్తారు. వాళ్లకు నీళ్లూ మందులూ అందిస్తూ కనిపెట్టుకుని ఉండడానికి ఓడ తరఫున ఎస్కార్ట్ అని ఒకరు వెంట వస్తారు. డ్యూటీలో ఉన్నంతసేపు ఆ మనిషి ఆటపాటల్లో కలవకూడదు.

ఆసారి ఎస్కార్ట్ నాగమణి, ఆవపల్లి దగ్గరి దోర్ల తెగ పిల్ల. ఓడలో గదులు సర్దే ఉద్యోగం. ఇల్లు చూసి చాలా కాలమైంది. ముందే నాకు ఫోన్ చేసింది.

"అన్నా, ఆటకు మా ఊరోళ్లనే పిలువు. ఇంటి దాక పోయే టైం నాకు దొరకదు. అమ్మను తప్పకుండ తీస్కరా. ఒక్క పాటన్న ఆమె పక్కన ఆడాలె."

పిలిచాను. దారి బాగాలేక జీపు ఆలస్యంగా వచ్చింది. అప్పటికే అతిథులు కుర్చీల్లో కూర్చున్నారు. తల్లి ముత్తమ్మ దిగుతూనే కూతురి ముఖం రెండు చేతులతో పట్టుకుని, "ఓడల తిండి పెడతలేరా ఏంది?" అంది. అంతలోనే డోలు మోగింది.

నాగమణిని ఒక్క పాటకు వదలమని ఓడ నుంచి వచ్చిన మేనేజర్ని అడిగాను. కుదరదని మర్యాదగానే చెప్పాడు. అది విని నాగమణి తల వంచుకుని నీళ్ల సీసాల ట్రే అందుకుంది.

దోర్ల ఆడవాళ్లు ఒకరి నడుము చుట్టూ ఒకరు చేయి వేసి, వరసగా నిలబడి అడుగేస్తారు. ఆ రోజు వరస మధ్యలో మనిషి పట్టేంత ఖాళీ ఉంది. అటూ ఇటూ ముత్తమ్మ, ఆమె పక్కావిడ చేతులు చాచి వేళ్లు మాత్రం కలిపారు. చూడ్డానికి బాగుండదని, దగ్గరికి జరగమన్నాను.

"అది నా బిడ్డ జాగ, బాబూ," అంది ముత్తమ్మ. "మనిషి లేకపోతేనే జాగ మూస్తం. నా బిడ్డ ఎదురుంగనే ఉన్నది గద."

పుట్టింది బస్తర్‌లోనే అయినా నాకోసం ఖాళీ ఉంచిన వరస ఎక్కడా లేదు. నిజం చెప్పొద్దూ, ఆ క్షణాన ఆ పిల్లను చూసి కుళ్లుకున్నాను. ట్రే పట్టుకుని కదలకుండా నిలబడింది, బూట్లలో పాదాలు మాత్రం ఆ అడుగే వేస్తున్నాయి.

రెండో పాటకు ఒక విదేశీ పెద్దావిడ ముచ్చటపడి లేచింది. పాపం, ఆవిడకేం తెలుసు? ఖాళీ కనిపించింది, వెళ్లి నిలబడింది. ముత్తమ్మ ఒక్క క్షణం ఆగి, నవ్వి, ఆవిడ నడుము చుట్టూ చేయి వేసింది. ఇంటికొచ్చిన మనిషిని పొమ్మంటారా? ఆవిడ తన ఫోన్ నాగమణి చేతికిచ్చి ఫొటో తీయమంది. తన చోట నిలబడ్డ మనిషిని ఆ పిల్ల నవ్వుతూనే ఫొటో తీసింది.

ఆ పాటతో ఆట ముగిసింది. బస్సు ఎక్కేటప్పుడు నాగమణి, తల్లి భుజం మీద తల ఆనించింది.

"ఏడవకు," అంది ముత్తమ్మ. "జాగ ఏడికి పోతది?"

తర్వాత నాగమణి ఆ ఫొటోని పెద్దావిడ దగ్గర అడిగి తీసుకుని నాకూ పంపింది. అందులో ముత్తమ్మ ఫోన్ వైపు చూడడం లేదు, ఫోన్ పట్టుకున్న పిల్లను చూస్తోంది.

అప్పటి నుంచి ఆటలో కలుస్తామనే అతిథులను వరస చివరే నిలబెడుతున్నాను. మధ్యలో ఖాళీ ఉంటే, అది ఎవరిదో అడగకుండా ఎవరినీ పంపను. ఆ రోజు నేర్చుకున్న పాఠం ఇదే.

కిందటి చలికాలం మరో ఓడ వచ్చింది. నాగమణి పనిచేసే ఓడ ఎటో వేరే దారిలో ఉంది. సంగతి ముందే చెప్పినా, ముత్తమ్మ జీపు దిగుతూనే ఎస్కార్ట్ కోసం చూసింది. ఎవరో అబ్బాయి. వరసలోకి వెళ్లి, పక్కావిడ వైపు చేయి చాచింది, వేళ్లు మాత్రం కలిసేంత దూరంలో.